“కొరంగీ” అంటే ఊరి పేరా, తిట్టా?

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఈ గ్రూపులో అడుగుదామనుకుంటున్న మాట ఒకటుంది, మొన్న మా ఇంటి వాట్సాప్ గ్రూపులో జరిగిన గొడవ తర్వాత ఇంక ఉండబట్టలేక రాస్తున్నా, కాస్త పెద్దదైపోతుంది, ఓపిగ్గా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా, గార దగ్గర పల్లె. కళింగపట్నం కూతవేటు దూరం. మా తాత పుట్టింది రంగంలో. రంగం అంటే బర్మాలోని రంగూన్, మా వైపు పెద్దోళ్ళు రంగూన్ అనరు, “ఆల్లయ్య రంగమెల్లిపోనాడు” అంటారు. ముత్తాత మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని ఓడెక్కి అక్కడ రేవులో బస్తాలు మోసీవాడు. 1942లో జపానోళ్ళు వచ్చినప్పుడు లక్షలమంది కొండలూ అడవులూ పడి కాలినడకన బయల్దేరారు కదా, అందులో మా తాత పదేళ్ళ కుర్రాడు. దారిలో చెల్లెలు పోయింది. ఎక్కడ పోయిందో కూడా చెప్పలేకపోయేవాడు, “ఓ కాలవ దగ్గర” అనీవాడు అంతే.

ఆయన నోట విన్న మాట ఇది. “ఆల్లు మనల్ని కొరంగీలనీవోరు బావూ.” చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. కొరంగి కాకినాడ పక్కనుంది, 1839 తుపానుకి తుడిచిపెట్టుకుపోయిన పాత రేవు, మా ముత్తాత దాని మొహం కూడా చూళ్ళేదు. అయితే ఒకప్పుడు ఓడలు అక్కణ్ణించి వెళ్ళేవి కాబట్టి రంగంలో ఓడ దిగిన తెలుగోడల్లా కొరంగీయే అయిపోయాడు. బారువలో ఎక్కినా భీమిలిలో ఎక్కినా అంతే. ఇప్పుడు ఉత్తరాదిలో మనందర్నీ మద్రాసీ అంటారే, అలాగన్నమాట.

తాత చెప్పిన దాన్లో నన్ను పట్టుకున్నది ఇంకోటి. మొదట్లో అది వట్టి పిలుపేనంట. బజార్లో చేపలమ్ముకునే ఆవిడ కూడా “కొరంగీ, ఇలారా” అనేదంట, అందులో విషం లేదు. తర్వాత తర్వాత మారింది. 1930 మే నెల్లో రేవులో తెలుగు కూలీలు రేటు పెంచమని సమ్మె కట్టారు, కంపెనీలు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చుకున్నాయి, ఇరవయ్యారో తారీకున సమ్మె తేలిపోయి మనవాళ్ళు తిరిగొచ్చేసరికి ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. అక్కడ అంటుకుంది. వందమందికి పైనే చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. కూలి దగ్గర మొదలైన గొడవ రెండు మూడు రోజుల్లో జాతి గొడవైపోయింది.

అక్కడోళ్ళ బాధ ఉత్తది అని నేననను. 1931 లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా ఇండియావాళ్ళే. ఊరు వాళ్ళది, రేవులో పని మనవాళ్ళది, అప్పులిచ్చేది చెట్టియార్లు, అందరి నెత్తినా తెల్లదొర. ఎవడికైనా కడుపు మండుతుంది. కానీ దెబ్బలు తిన్నది దొరా కాదు చెట్టియారూ కాదు, బస్తా మోసీవాడు. దానికితోడు బర్మాని ఇండియా నుంచి విడదీయాలా వద్దా అని అక్కడ రాజకీయం రెండు ముక్కలైపోయి ఉంది, 1932 ఎన్నికలు ఆ మాట మీదే జరిగాయి, 1937 ఏప్రిల్ 1న విడదీశారు, మరుసటేడే మళ్ళీ అల్లర్లు. ఓట్లడగడానికి కూలోడి మొహం అంత వీలుగా ఇంకేదీ దొరకలేదు.

తాత మాట ఆయన నోట్లోంచి వచ్చినట్టే రాస్తున్నా: “ముందల ఎనకమాల అనీవోరు. తరవాత మొకమ్మీదే అనీవోరు. మొకమ్మీద అన్నోన్ని సూసి పక్కోలు సప్పట్లు కొట్టీవోరు.”

ఇక వాట్సాప్ గొడవ. మా చిన్నాన్న మనవడు టెక్సాస్‌లో ఉంటాడు. సరుకుల షాపు పార్కింగ్‌లో పిల్లని కారెక్కిస్తుంటే ఒకడు కారద్దం దించి మీ దేశం పొండి అని అరిచి వెళ్ళిపోయాడంట. ఆ పిల్ల నాన్నా ఆయనకి మనం తెలుసా అని అడిగిందంట. వాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు, గొంతు వణుకుతోంది. అందరం అయ్యో అంటుంటే మా బంధువొకాయన, ఆ దేశపు రాజకీయాల్లో ఒక పక్షానికి ఇక్కడ కూర్చుని వీరాభిమాని, పెట్టిన జవాబు: “మనోళ్ళు అక్కడ ఎక్కువైపోయారు. వాడు ముక్కుసూటిగా అన్నాడు. ఉన్నమాటంటే ఉలుకెందుకు?”

నా ప్రశ్నలు రెండు. కొరంగీ అన్న మాట మీ ఇళ్ళల్లో ఎవరన్నా విన్నారా, ఎలాంటి గొంతుతో? రెండోది, “ఉన్నమాట” అంటే అసలేంటి?

—

మందస నుంచి ఒకావిడ:
మా మామ్మ కూడా రంగం నుంచొచ్చిన మనిషేనండి. కొరంగీ అన్నది ఒకట్రెండు సార్లు విన్నాను గానీ ఎక్కువగా “కలా” అనేది. తెలుగోళ్ళు తమిళోళ్ళు బెంగాలీలు అందర్నీ కలిపి కలా అనీవారంట. మామ్మ ఆ మాట పలికినప్పుడల్లా ఉమ్మేసేది, మాకు నవ్వొచ్చేది అప్పట్లో.

నా జవాబు:
అవునప్పా, కలా ఇప్పటికీ ఉంది అక్కడ. రోహింగ్యాలని అక్కడి ముస్లింలున్నారు కదా, వాళ్ళ మీద వాడింది ఆ మాటే. దాన్లో చిత్రం చూడండి, బర్మా భాషలో కుర్చీని, శనగపప్పుని పిలిచే మాటలు రెండూ “కలా” తోనే మొదలవుతాయి, పైనుంచొచ్చినోడు కూర్చునేది కుర్చీ, పైనుంచొచ్చినోడి పప్పు శనగపప్పు. అంటే మాట పాతదే, ఇళ్ళల్లో వంటింట్లో తిరిగిన మాటే. 2017లో ఫేస్‌బుక్ వాళ్ళు ఆ అక్షరాలున్న పోస్టులు తీసేయడం మొదలెడితే కుర్చీ గురించి పప్పు గురించి రాసుకున్న పోస్టులు కూడా ఎగిరిపోయాయి. తిట్టినోళ్ళు మాత్రం వేరే స్పెల్లింగులు వెతుక్కున్నారు. మాటని తీసేస్తే పోయే జబ్బు కాదు ఇది.

—

విజయనగరం నుంచి రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు:
బాబూ, నీ కొరంగీకి అన్నలాంటి మాట ఇంకోటుంది, అది మన జిల్లాలదే. మలేషియాలో దక్షిణాది వాళ్ళని “కెలింగ్” అంటారు, అది మన కళింగే. పెనాంగ్‌లో కపితాన్ కెలింగ్ మసీదు ఉంది, మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు ఉంది, ఆ రోజుల్లో గౌరవంగా పెట్టుకున్న పేర్లు. ఇవాళ అక్కడ ఎవర్నన్నా కెలింగ్ అంటే గొడవైపోతుంది. ముఖలింగంలో గాంగులు రాజ్యమేలినప్పుడు ఏ పేరు చెప్పుకుని గర్వపడ్డారో ఆ పేరే అక్కడ మన రబ్బరు తోటల కూలీల పిల్లల్ని ఏడిపించే తిట్టైంది.

సోంపేట నుంచి ఒకరు:
మాస్టారూ, అది ఖైదీల కాళ్ళ గొలుసుల చప్పుడు, క్లింగ్ క్లింగ్ అని, అందుకే ఆ పేరొచ్చిందని మలేషియాలో పనిచేసిన మా బావ చెప్పాడండి.

మాస్టారు:
ఆ కథ నేనూ విన్నాను, నిలబడదు. ఇంగ్లీషువాళ్ళు ఖైదీల్ని అక్కడికి తోలకముందే పాత మలయు పుస్తకాల్లో కెలింగ్ దేశం అని రాసుంది. పోర్చుగీసులు 1511లో మలక్కా పట్టుకున్నప్పటికే అక్కడ పెద్దపెద్ద కెలింగ్ వర్తకులున్నారు. మాట తిట్టయ్యాక జనం దానికి తగ్గ పుట్టుక కల్పిస్తారు, గొలుసుల కథ అలా పుట్టిందే. పేరులోనే నీచం ఉందని నమ్మితే అన్నవాడికి మనసు తేలికవుతుంది కదా.

(మాస్టారి ఆఖరి వాక్యం నేను మా పిల్లలకి కూడా చదివి వినిపించాను.)

—

ఆమదాలవలస నుంచి ఒకరు:
ఇది భాషా గ్రూపు, రాజకీయాలు తేవద్దు దయచేసి. అయినా అక్కడ మనోళ్ళు గుంపులు కట్టి గోల చేస్తారు, క్యూలో నిలబడరు, నేను డల్లాస్‌లో రెండేళ్ళుండి చూసొచ్చాను. అందులో తప్పేముంది, మీ బంధువు ఉన్నమాటే అన్నాడు.

నా జవాబు:
అయ్యా, కోపంతో కాదు, భాష గురించే చెప్తాను. “ఫలానా ఆయన క్యూలో దూరాడు” ఇది ఉన్నమాట. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అంటే జవాబుంది. “మీ దేశం పొండి” ఇందులో ఉన్నది ఏముంది? అది ఆజ్ఞ. ఆజ్ఞ నిజం అబద్ధం ఎలా అవుతుంది? మనం దేన్నైతే ఉన్నమాట అంటున్నామో అది మనసులో ఉన్నమాట, లోకంలో ఉన్నమాట కాదు. ఈ రెంటికీ తెలుగులో ఒకే మాట ఉండటం వల్ల మోసపోతున్నాం. మనసులో ఏముంటే అది అనేసినోడ్ని ముక్కుసూటి మనిషి అని మెచ్చుకుంటాం, మనసులో విషముంటే సూటిగా వచ్చేది విషమే కదా.

ముందు దాచుకునేవాడు కదా, సిగ్గుండేది. సిగ్గు మంచిది అనట్లేదు, కానీ సిగ్గున్నోడు చెయ్యెత్తడు. ఆ సిగ్గు ఎప్పుడు పోద్దంటే తనలాంటోళ్ళు చాలామంది ఉన్నారని లెక్క తేలినప్పుడు. బ్రిటన్‌లో 2016 జూన్‌లో యూరప్ నుంచి బయటికి రావాలా వద్దా అని ఓటింగ్ పెట్టారు, దేశం ఇంచుమించు సగానికి సగం చీలింది. జూలైలో జాతి పేరునో మతం పేరునో జరిగిన నేరాలు పోలీసు లెక్కల్లో అంతకుముందు ఏడు జూలై కన్నా 41 శాతం ఎక్కువ. ఒక్క నెల్లో కొత్తగా అంతమంది చెడ్డోళ్ళు పుట్టుకురారండి. ఉన్నోళ్ళే, ఇంక ఎవరూ ఏమీ అనరులే అనుకున్నారు.

కాన్సాస్‌లో ఓలేత్ అనే ఊళ్ళో 2017 ఫిబ్రవరి 22న ఏం జరిగిందో మీకు తెలియందికాదు. మన తెలుగు ఇంజనీర్లు ఇద్దరు పని అయ్యాక బార్‌లో కూర్చుంటే ఒకడు నా దేశం నుంచి పొండి అని అరిచి కాల్చాడు, ఒకబ్బాయి చనిపోయాడు, రెండోవాడు గాయాలతో బతికాడు, అడ్డం వెళ్ళిన అమెరికా కుర్రాడికి కూడా తూటా తగిలింది. తర్వాత ఆ కాల్చినవాడు ఇంకో ఊళ్ళో చెప్పుకున్నదేంటంటే, ఇద్దరు ఇరానీల్ని కాల్చానని. చూశారా, మనిషి ప్రాణం తీశాడు, వాడెవడో కూడా తెలీదు. కొరంగి ఎరగని మా ముత్తాతని కొరంగీ అన్నట్టే. తప్పు పేరుతోనే చంపేశాడు, సరైన పేరైతే మాత్రం చంపొచ్చా అని కాదు, ఎవరో తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాదు అక్కడ, అది చెప్తున్నా.

ఇంకోమాట, మనమేదో శుద్ధపూసలమని కాదు. టెక్కలి వైపు క్వారీల్లో, మన ఊళ్ళల్లో కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర హిందీ ముక్క మాట్లాడినోడల్లా మనకి బీహారోడే. ఒడిషా అయినా జార్ఖండ్ అయినా బెంగాల్ అయినా. ఊళ్ళో సైకిల్ పోతే ముందు ఎవర్ని అనుకుంటాం? మా తాత ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు. ఇటుకల బట్టీ నుంచి ఒకతను మంచినీళ్ళకొస్తే మేం “తాతా, ఒరియావోడొచ్చాడు” అని కేకేశాం ఓసారి. మంచం మీంచి లేచి కర్ర పట్టుకుని బయటికొచ్చాడు, ఆ మనిషి తననే కొడతాడేమోనని రెండడుగులు వెనక్కేశాడు. తాత కర్రతో మా కాళ్ళ దగ్గర నేల మీద కొట్టి “ఆడికి పేరు నేదేటర్రా? అడిగినారేటి?” అన్నాడు. ఎప్పుడూ అరవని మనిషి. ఆ తర్వాత అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళిచ్చి ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో తెలీదు, చాలాసేపు కూర్చున్నారు.

—

ఆమదాలవలస వారు:
క్యూ మాట నిజమేనండి, దాని మీద నిలబడతాను. మిగతాది ఆలోచించాలి. ఓలేత్ కుర్రాడు ఇరానీ అనుకుని పోయాడన్న సంగతి నాకు తెలీదు.

మందస ఆవిడ:
మామ్మ ఎందుకు ఉమ్మేసేదో ఇప్పుడు అర్థమవుతోందండి. నవ్వాం అప్పుడు. ఇప్పుడు లేదు ఆవిడ.

—

టెక్కలి నుంచి ఒకరు:
నేను క్వారీలో సూపర్‌వైజర్‌ని. మా దగ్గర ముప్ఫైమంది దాకా బయటోళ్ళు. నిజం చెప్తున్నా, మస్టర్‌లో పేర్లు నేనే రాస్తాను గానీ పిలిచేటప్పుడు మాత్రం అందరూ “ఏయ్ బీహారీ”నే. రేపు పొద్దున్న అడుగుతాను.

నా జవాబు:
అడగండి. ఏ ఊరో ఏ జిల్లావో కూడా అడగండి. వాళ్ళు మనల్ని ఏమని పిలుస్తారో అది కూడా అడిగి రాయండి, మాస్టారికి పనికొస్తుంది.

టెక్కలి నుంచి, మర్నాడు రాత్రి:
అడిగానండి. మొదటివాడిది గంజాం జిల్లా, బీహార్ మొహం చూళ్ళేదన్నాడు. గంజాం అంటే మన పక్కనే కదా, మాస్టారు చెప్పగలరు, 1936 దాకా మన ఇచ్ఛాపురం టెక్కలి అన్నీ ఆ జిల్లాలోవేనంట. మీ ఊళ్ళో మమ్మల్ని ఏమంటారు అని అడిగితే నవ్వాడు, చెప్పబోయాడు. పక్కనున్న పెద్దాయన చొక్కా పట్టుకుని లాగి తల అడ్డంగా ఊపాడు. వాడు నవ్వు ఆపేసి “ఏమీ అనం సార్” అని డ్రిల్లు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంకోసారి అడగబుద్ధి కాలేదు.