బి సెల్స్ ఉన్నా యాంటీబాడీలు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న:
మా అక్క కొడుక్కి నాలుగో నెల. నోట్లో తెల్లపూత మందు వేసినన్నాళ్లు తగ్గి, ఆపగానే మళ్లీ వస్తోంది. నిమోనియాతో ఆసుపత్రిలో చేర్చాక స్కిడ్ (పుట్టుకతోనే రోగనిరోధక శక్తి దాదాపు లేని జబ్బు) అని తేల్చారు. రిపోర్టులో, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో టి సెల్స్ దాదాపు లేవు, బి సెల్స్ మాత్రం నిండుగా ఉన్నాయి. యాంటీబాడీలు తయారుచేసేవి బి సెల్సే కదా? మరి ఇమ్యునోగ్లోబులిన్ (బయటి నుంచి ఇచ్చే యాంటీబాడీలు) ఎందుకు ఎక్కిస్తున్నారు? అక్క అడుగుతుంటే చెప్పలేకపోతున్నాను.

జవాబు:
మా బాబుదీ ఇదే రకం. ఐఎల్2ఆర్‌జీ జన్యువులో లోపం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది.

బి సెల్‌కి పని చెప్పేది టి సెల్. దాని మీదుండే సీడీ40 లైగాండ్ అనే ప్రొటీన్ వచ్చి తగిలితేనే బి సెల్ ఐజీఎం అనే రకం యాంటీబాడీ నుంచి ఐజీజీ అనే రకం తయారీకి మారుతుంది. చెప్పేవాళ్లు లేక బి సెల్స్ ఊరికే ఉండిపోతాయి. పైగా ఈ లోపం వల్ల వాటికి అందాల్సిన సంకేతాలు కూడా సరిగా అందవు. మొదటి నెలల్లో కడుపులో ఉండగా తల్లి నుంచి వచ్చిన ఐజీజీ కొంత కాస్తుంది. అది కరిగిపోయే కొద్దీ జబ్బు బయటపడుతుంది.

మావాడికి రెండో నెలలో జ్వరమొస్తే చేయించిన సీబీసీ (రక్తకణాల లెక్క) కాగితం ఇంకా దాచుకున్నాను. లింఫోసైట్లు (టి, బి సెల్స్ ఈ రకం కణాలే) 900 అని ఉంది. ఆ వయసులో 3000 కంటే తక్కువుంటేనే అనుమానించాలట. జ్వరం తగ్గిందని ఆ వరుస ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. అలా పోగొట్టుకున్న రెండు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. తర్వాత వాళ్లక్క మూలకణాలు సరిపోయి మార్పిడి చేశారు. ఇప్పుడు వాడికి ఆరేళ్లు.

మరో జవాబు:
నేను బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను. బాబుకి రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చినదే, సీఎంవీ అనే వైరస్ లేనిదే కావాలని ముందే అడగండి. మామూలు రక్తంలో దాత లింఫోసైట్లుంటాయి. వాటిని అడ్డుకునే టి సెల్స్ బాబుకి లేవు, అవే బాబు ఒంటి మీద దాడి చేస్తాయి. బీసీజీ (టీబీ టీకా), రోటావైరస్, పోలియో చుక్కలు బతికున్న క్రిములతో చేసినవి, బాబుకి వేయించకండి. ఇంట్లో మిగతా పిల్లలకీ పోలియో చుక్కలు వద్దు, ఇంజెక్షన్ అడగండి.

ప్రశ్న అడిగినవారు:
బీసీజీ పుట్టినప్పుడే వేసేశారండీ. ఇప్పుడెలా?

బ్లడ్ బ్యాంకు వారు:
టెన్షన్ పడకండి, కానీ ఇవాళే డాక్టర్‌కి చెప్పండి. ముందుజాగ్రత్తగా టీబీ మందులు మొదలుపెట్టే పద్ధతి ఉంది. టీకా వేసిన చోట, చంకలో గడ్డలేమైనా ఉన్నాయేమో అక్కని తడిమి చూడమనండి.