పీపీటీలో ఫోటోల చోట ఎర్ర ఇంటూ మార్కు వస్తోంది, ఆదివారమే ఫంక్షన్, కాస్త సాయం చేయండి

కేఆర్ పురం అమ్మాయి:

అందరికీ నమస్తే. ఆదివారం మా నాన్న షష్టిపూర్తి, మారతహళ్ళిలో హాలు మాట్లాడుకున్నాం. నాన్న చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా 58 ఫోటోలతో నేనూ తమ్ముడూ పవర్‌పాయింట్‌లో స్లైడ్లు తయారుచేశాం. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో నిన్న రాత్రి వరకూ అన్నీ చక్కగా కనిపించాయి. వాడు అమ్మానాన్నల్ని తీసుకురావడానికి పొద్దున్నే మదనపల్లె వెళ్తూ ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళాడు, పీపీటీ నాకు మెయిల్ చేశాడు. ఇప్పుడు నా దాంట్లో తెరిస్తే 41 ఫోటోల చోట ఖాళీ పెట్టె, దాని మూల చిన్న ఎర్ర ఇంటూ మార్కు, పక్కన లింక్ చేసిన బొమ్మను చూపించలేకపోతున్నాం, ఫైలు చోటు మారిందో పేరు మారిందో డిలీట్ అయిందో అని ఇంగ్లిష్‌లో ఒక ముక్క. 1986లో నాన్న మొదటిసారి బెంగళూరు వచ్చినప్పుడు మెజెస్టిక్ బస్టాండు దగ్గర రెగ్జిన్ బ్యాగుతో దిగిన ఫోటో ఒకటుంది, మా ఇంట్లో అందరికీ ప్రాణం అది. ఆ స్లైడులో ఇప్పుడు మేం కింద తెలుగులో రాసుకున్న రెండు లైన్లు తప్ప ఏమీ లేదు.

వాట్సాప్‌లో బంధువులు పంపిన 17 ఫోటోలు మాత్రం బాగానే వస్తున్నాయి. ఇవి కాక మా అక్క కొడుకు ఐఫోన్‌లో తీసినవి 6 ఉన్నాయి, అవి అసలు ఇన్సర్టే కావడం లేదు, పేరు చివర జేపీజీ అని మార్చి చూశాను, అయినా అంతే. సిస్టమ్ రీస్టార్ట్ చేశాను, మెయిల్ నుంచి రెండుసార్లు డౌన్‌లోడ్ చేశాను, ఆఫీస్ అప్‌డేట్ కూడా చేశాను. ఈరోజు గురువారం. చాలా టెన్షన్‌గా ఉంది.

బీటీఎం కుర్రాడు:

అక్కా, మెయిల్‌లో వచ్చిన ఫైలు కదా, పైన పసుపు పట్టీ కనిపిస్తుంది, అందులో ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కారా? అది నొక్కకపోతే ప్రొటెక్టెడ్ వ్యూలోనే ఉంటుంది, బయటి నుంచి రావాల్సిన బొమ్మలు రావు.

కేఆర్ పురం అమ్మాయి:

నొక్కాను తమ్ముడూ, మార్పేమీ లేదు.

వైట్‌ఫీల్డ్ స్లైడ్స్:

మేడమ్, ముందు ఒక్క పని చేయండి, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి సైజు ఎంతుందో చూడండి. అది రెండు మూడు ఎంబీలే ఉంటే మీ 41 ఫోటోలు ఆ ఫైల్లో లేవు. చెడిపోవడం కాదు, తమ్ముడు మెయిల్ చేసినప్పుడే అవి అందులో లేవు. పవర్‌పాయింట్‌లో ఇన్సర్ట్ బటన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాని కింద లింక్ టు ఫైల్ అని ఉంటుంది. అది నొక్కి పెడితే ఫోటోకు బదులు ఫోటో ఎక్కడుందో ఆ అడ్రసు మాత్రమే ఫైల్లోకి వెళ్తుంది. పెట్టిన ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు తెరిచినా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మా ఆఫీసులో ప్రతి రెండు మూడు నెలలకూ ఒకరు క్లయింట్ ముందు ఇలాగే ఇబ్బంది పడతారు, ఆ ముఖాలు చూశాక నేను ఏ ఫైలైనా పంపే ముందు సైజు చూడకుండా పంపను.

కళ్ళారా చూడాలంటే ఇంకో దారి ఉంది. 2007 ఆఫీస్ నుంచి వస్తున్న పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలే. దానికి ఒక కాపీ తీసుకుని, కాపీకి మాత్రమే, చివరి పేరు జిప్ అని మార్చి తెరవండి (చివరి పేర్లు కనిపించకపోతే ఫోల్డర్‌లో వ్యూ మెనూలోకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టాలి). లోపల పీపీటీ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్ ఉంటుంది. ఫైల్లో నిజంగా ఉన్న ఫోటోలన్నీ అక్కడ ఉంటాయి, అక్కడ లేనిది ఫైల్లో లేనట్టే. అన్నట్టు, మీ తమ్ముడు ఫోటోలు ఎక్కడి నుంచి పెట్టాడు?

కేఆర్ పురం అమ్మాయి:

చాలా థాంక్స్ అండీ. సైజు 3 ఎంబీనే! మీడియా ఫోల్డర్‌లో సరిగ్గా ఆ 17 వాట్సాప్ ఫోటోలే ఉన్నాయి. తమ్ముడికి ఫోన్ చేశాను, స్టూడియోలో స్కాన్ చేయించిన ఫోటోలు ఒక్కోటి 4, 5 ఎంబీ ఉన్నాయని, ఫైలు బరువైపోతే మెయిల్‌లో వెళ్ళదని వాళ్ళ ఫ్రెండ్ చెబితే లింక్ పెట్టాడట. పెన్‌డ్రైవ్ నుంచే పెట్టాడు. ఆ పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంది, ఇప్పుడు పెట్టే చూస్తున్నాను, అందులో 41 ఫోటోలూ ఉన్నాయి, ఒక్కోటి నొక్కితే తెరుచుకుంటున్నాయి. కానీ పీపీటీలో మాత్రం అదే ఎర్ర గుర్తు. ఇదెందుకు?

వైట్‌ఫీల్డ్ స్లైడ్స్:

పెన్‌డ్రైవ్ మీ దగ్గరుందంటే సగం పని అయిపోయినట్టే మేడమ్, నిశ్చింతగా ఉండండి. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఆ పెన్‌డ్రైవ్ ఏ అక్షరంతో వచ్చేదో అడగండి, మీ దాంట్లో ఏ అక్షరంతో వస్తోందో చూడండి. వాడి దాంట్లో ఈ (E) డ్రైవ్ అయి మీ దాంట్లో ఎఫ్ (F) డ్రైవ్ అయితే పవర్‌పాయింట్ ఇప్పటికీ ఈ (E) డ్రైవ్‌లోనే వెతుకుతూ ఉంటుంది. ఫోటోలు ఎఫ్‌లో ఉన్నాయని దానికి తెలియదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ వస్తుంది, అక్కడ పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ డ్రైవ్ లెటర్ అనేదానిలో తమ్ముడి దాంట్లో ఉన్న అక్షరమే ఇవ్వండి. అక్కడ ఫార్మాట్ అనే మాట కూడా ఉంటుంది, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. ఎందుకైనా మంచిది, ముందు ఆ ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత పీపీటీ మూసి మళ్ళీ తెరవండి, ఫోటోలు రావాలి.

వచ్చాక అక్కడితో ఆగితే హాల్లో మళ్ళీ ఇదే కథ. ఫోటోలు తెర మీద కనిపిస్తున్నప్పుడే ఫైల్‌లో ఇన్ఫోకి వెళ్ళండి, కుడివైపు కింద ఎడిట్ లింక్స్ టు ఫైల్స్ ఉంటుంది, లింకులు ఉన్న ఫైల్లోనే ఆ మాట కనిపిస్తుంది. లిస్టులో అన్నీ సెలెక్ట్ చేసి బ్రేక్ లింక్ నొక్కి, వేరే పేరుతో సేవ్ చేయండి. సైజు అమాంతం పెరగాలి. పెరగకపోతే నాకు రాయండి, అప్పుడు ఒక్కో పెట్టె మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ పిక్చర్‌తో మామూలుగా పెట్టుకోవాలి, స్లైడులో చోటు మారదు, 41 అంటే ఓ గంట పని.

బరువు సంగతి చివర్లో చూసుకోండి. ఏదో ఒక ఫోటో నొక్కి పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ తెరిచి, ఈ ఒక్క ఫోటోకే అనే టిక్ తీసేసి, 150 పీపీఐ (అంగుళానికి 150 పిక్సెళ్ళు) పెట్టండి. మామూలు వెడల్పు స్లైడు 13.33 అంగుళాలు, 150తో గుణిస్తే 2000 పిక్సెళ్ళు, ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ చూపించేది అడ్డంగా 1920 మాత్రమే, కాబట్టి హాల్లో ఎవరికీ తేడా తెలియదు. తమ్ముడు బరువు గురించి ఆలోచించడం సరైనదే, దానికి వాడాల్సింది లింక్ కాదు, ఇది.

వేళచ్చేరి టీచర్:

ఆ ఐఫోన్ ఫోటోల గురించి నేను చెప్తానమ్మా. చెన్నైలో మా స్కూల్లో పిల్లల ప్రాజెక్టులతో రోజూ చూసేదే ఇది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ కెమెరా ఫోటోల్ని హెచ్ఈఐసీ అనే పద్ధతిలో సేవ్ చేస్తోంది. చోటు తక్కువ పడుతుంది, మంచిదే, కాకపోతే విండోస్‌లో దానికి కావాల్సిన ఎక్స్‌టెన్షన్ అనే చిన్న అదనపు ప్రోగ్రామ్ లేకపోతే తెరుచుకోదు. పేరు చివర జేపీజీ అని మార్చినందువల్ల లాభం లేదమ్మా, పేరు మారింది కానీ లోపలి సరుకు మారలేదు. అక్క కొడుకుని సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోమనండి, ఇక మీదట తీసేవన్నీ జేపీజీలో వస్తాయి. ఇప్పటికే తీసిన ఆ 6 ఫోటోల్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా పంపమంటే జేపీజీ అయి వస్తాయి, నాణ్యత కొంచెం తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం మళ్ళీ హెచ్ఈఐసీయే వస్తుంది, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఇంట్లో ఎవరి దగ్గరైనా మ్యాక్ ఉంటే ప్రివ్యూలో తెరిచి జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇంకా మంచిది.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ఫోటోల కింద తెలుగులో రాశామన్నారు. ఏదైనా ఫాంట్ డౌన్‌లోడ్ చేసి వాడి ఉంటే హాల్లో సిస్టమ్‌లో అది ఉండదు, అక్షరాలు వేరే ఫాంట్‌లోకి మారి లైన్లు పెట్టె దాటి పోతాయి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ఎంబెడ్ ఫాంట్స్ టిక్ పెట్టండి, లేదా విండోస్‌తో వచ్చే నిర్మల యూఐ ఫాంట్ వాడండి. దీంతోపాటు ఒక పీడీఎఫ్ కూడా తీసి ఉంచుకోండి. పాటలూ కదలికలూ రావు గానీ ఆ రోజు ఏం జరిగినా ఫోటోలైతే కనిపిస్తాయి.

బీటీఎం కుర్రాడు:

నాకూ ఇది కొత్త విషయమే, నేను లింక్ టు ఫైల్ అంటే ఫైల్‌కి జోడించడం అనుకునేవాణ్ణి. సైజు చూసుకోవాలని ఇప్పుడు తెలిసింది. అక్కా, అయ్యాక ఇక్కడ రాయండి.

కేఆర్ పురం అమ్మాయి:

శుక్రవారం రాత్రి రాస్తున్నాను. తమ్ముడి దాంట్లో ఈ (E) డ్రైవే అండీ, మీరు చెప్పినట్టే. నా పాత ల్యాప్‌టాప్‌లో ఆ అక్షరాన్ని డీవీడీ డ్రైవ్ తీసుకుని కూర్చుంది, ముందు దానికి జీ (G) ఇచ్చి, తర్వాత పెన్‌డ్రైవ్‌కి ఈ (E) ఇచ్చాను. పీపీటీ మళ్ళీ తెరవగానే ఒక్కో స్లైడూ నిండుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్రేక్ లింక్ చేసి సేవ్ చేస్తే 3 ఎంబీది 190 దాటింది, ఐఫోన్ ఫోటోలు కూడా పెట్టి కంప్రెస్ చేశాక 34కి వచ్చింది. జిప్ చేసి మీడియా ఫోల్డర్ లెక్కపెట్టాను, 64 ఉన్నాయి.

పెన్‌డ్రైవ్ తీసేసి పక్కింటి ఆంటీ వాళ్ళ ల్యాప్‌టాప్‌లో కూడా వేసి చూశాను. మెజెస్టిక్ ఫోటో తెర నిండా వచ్చింది. చేతిలో పట్టుకుని ఎన్నోసార్లు చూసిన ఫోటోయే గానీ, నాన్న బ్యాగు జిప్పు సగం ఊడి ఉందని, అందులోంచి గళ్ళ తువ్వాలు అంచు బయటికి వచ్చి ఉందని నిన్నటిదాకా నాకు తెలియదు. ఆంటీ కూడా చాలాసేపు చూశారు.

హాలు వాళ్ళకు ఫోన్ చేశాను, హెచ్‌డీఎంఐ వైరు ఉందట, అయినా నాది ఒకటి, పీడీఎఫ్ ఒకటి తీసుకెళ్తున్నాను.