పొలం అమ్మి స్పెయిన్ తీరంలో ఇల్లు కొనొచ్చా?

కోవూరు నాన్న:
మా అమ్మాయి, అల్లుడు నాలుగేళ్ళుగా ఐర్లాండులోని డబ్లిన్‌లో ఉంటున్నారు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. ఎండ చూసి పది రోజులయింది నాన్నా అని అమ్మాయి ఫోన్లో అంటే మనసు ఉండబట్టదు. స్పెయిన్ దక్షిణాన మాలగా దగ్గర సముద్రం ఒడ్డున నా పేరు కూడా కలిపి చిన్న ఫ్లాట్ కొందామంటున్నారు. చలికాలం అందరం కలిసి ఉండొచ్చు, మిగతా నెలలు టూరిస్టులకు అద్దెకివ్వొచ్చు అని వాళ్ళ ఆలోచన. దానికి ఇక్కడ రెండెకరాల మాగాణి అమ్మి కోటి రూపాయలు పంపాలి. మా ఆవిడ సరేనంటోంది, నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. మీరేమంటారు?

చీమకుర్తి:
అమ్మేయండన్నా. కౌలు కింద ఆ రెండెకరాలకు ఏటా చేతికొచ్చేదెంత? నేను మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి ఆరు వారాలు వాళ్ళ హాల్లో సోఫా మీద పడుకున్నాను. అర్ధరాత్రి మంచినీళ్ళకు లేవాలన్నా కోడలికి నిద్రాభంగమేమోనని మొహమాటం. మన మంచం, మన పొయ్యి ఉన్న ఇల్లయితే ఆ పరాయితనం ఉండదు. మనవళ్ళతో గడిపే రోజులకు సెంట్ల లెక్క కట్టకూడదు.

ఒంగోలు ఆడిటర్:
ఆ మాట కాదనను. కానీ ముందు కాగితాలు చూడండి. మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపొచ్చు కాబట్టి పరిమితితో ఇబ్బంది లేదు. అయితే 10 లక్షలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. కోటికి 18 లక్షలు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అందాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. అక్కడ పాత ఫ్లాటయితే మాలగా నగరం ఉన్న ఆండలూసియా ప్రాంతంలో 7 శాతం బదిలీ పన్ను, ఆపైన నోటరీ, రిజిస్ట్రేషను. ఇల్లు ఖాళీగా పెట్టినా, అక్కడ నివసించని యజమాని ఏటా పన్ను కట్టాలి. ఇక్కడి రిటర్నులో ఆ ఆస్తిని ఏటా చూపాలి, వదిలేస్తే 10 లక్షల జరిమానా పడొచ్చు.

అసలు చిక్కు వీసాతోనే. ఇల్లు కొంటే నివాస హక్కు ఇచ్చే స్పెయిన్ గోల్డెన్ వీసా 2025 ఏప్రిల్ 3తో ఆగిపోయింది. అది ఉన్నప్పుడు కూడా 5 లక్షల యూరోలు పెట్టినవాళ్ళకే. పైగా ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాల కూటమిలో స్పెయిన్ ఉంది గానీ ఐర్లాండు లేదు. అమ్మాయిది మన పాస్‌పోర్టే అయితే డబ్లిన్ నుంచి సొంతింటికి పోవడానికి కూడా వీసా అడగాలి. అది దొరికినా 180 రోజుల్లో 90 రోజులే. ఐరిష్ పౌరసత్వం వచ్చిందంటే వాళ్ళకు ఈ తిప్పలుండవు. తొందరెందుకు?

మైపాడు కోడలు:
అద్దె మీద ఆశ పెట్టుకోకండి బాబాయ్. 2025 ఏప్రిల్ నుంచి స్పెయిన్‌లో అపార్ట్‌మెంటు ఫ్లాటును కొత్తగా టూరిస్టులకు ఇవ్వాలంటే ఆ భవనంలోని యజమానుల్లో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. 2024లో మాలగాలో అద్దెలు భరించలేక వేలమంది రోడ్డెక్కారు. ఊళ్ళో పుట్టినవాళ్ళకే ఇల్లు దొరకకపోతే కోపం రాదా?

ఇంకో మాట. మాది సముద్రానికి దగ్గరి ఇల్లు. రంగు వేసిన ఏడాదికే కిటికీ ఊచలు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలాయి. రెండు నెలలు ఊరెళ్ళి వస్తే బీరువా తాళం తిరగలేదు, కొబ్బరినూనె పోసి గంట కూర్చున్నాం. ఉప్పుగాలి ఏ దేశంలో అయినా ఉప్పుగాలే. తొమ్మిది నెలలు మూసి ఉంచే ఇంటిని అంత దూరం నుంచి ఎవరు చూస్తారు?

చీమకుర్తి:
తాళం సంగతి నిజమే తల్లీ. అయినా అన్నా, మోకాళ్ళు సహకరించే వయసు దాటాక కొని ఏం లాభం? అది కూడా లెక్కలో వేసుకోండి.

కోవూరు నాన్న:
రాత్రి అమ్మాయితో మాట్లాడాను. వాళ్ళది మన పాస్‌పోర్టే, పౌరసత్వానికి కావాల్సిన అయిదేళ్ళు వచ్చే ఏడాదికి నిండుతాయట. అందాకా పొలం జోలికి పోను. మోకాళ్ళ మాట మాత్రం గుచ్చుకుంది. అందుకే ఈ డిసెంబరులో అక్కడే నెల రోజులు ఇల్లు అద్దెకు తీసుకుని అందరం ఉండి చూస్తాం. ఆడిటర్ గారూ, షెంగెన్ వీసాకు పొలం పాస్‌బుక్ కూడా పెట్టమంటారా?