తోఖ్తమిష్ తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడా? తైమూర్‌తో యుద్ధం ఎవరి తప్పు?

మధ్యాసియా_పాఠకుడు:

మన పాఠ్యపుస్తకాల్లో తైమూర్ అంటే 1398లో ఢిల్లీని దోచుకున్నవాడు, అంతే. దానికి ముందు దాదాపు పదేళ్లు అతన్ని కుదురుగా కూర్చోనివ్వని యుద్ధం ఇంకొకటి ఉంది, తోఖ్తమిష్ ఖాన్‌తో. దాని గురించి ఎక్కడ చదివినా ఒకటే తీర్పు: తైమూర్ చేరదీశాడు, తోఖ్తమిష్ తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు. ఈ తీర్పు నాకు మింగుడుపడదు. ఎందుకో చెబుతాను, కాదనేవాళ్లు కాదనండి.

ముందు కథ తెలియనివాళ్ల కోసం. తోఖ్తమిష్ చెంఘిజ్ ఖాన్ పెద్ద కొడుకు జోచి వంశంవాడు. వాళ్ల రాజ్యమే గోల్డెన్ హోర్డ్. వోల్గా తీరంలో సరాయ్ రాజధాని, రష్యా రాజులు కప్పం కట్టేవాళ్లు. తూర్పు భాగాన్ని ఏలే ఉరుస్ ఖాన్ ఇతని తండ్రిని చంపించాడు. 1376 ప్రాంతంలో కుర్రాడు పారిపోయి సమర్‌కంద్‌లో తైమూర్ దగ్గర తేలాడు. తైమూర్ అతన్ని కొడుకులా చూసుకున్నాడు. సిర్ దర్యా నది వైపు ఓత్రార్, సౌరాన్, సిగ్నాక్ పట్టణాలు ఇచ్చాడు, సైన్యం ఇచ్చాడు. ఓడిపోయి తిరిగొస్తే మళ్లీ ఇచ్చాడు. ఒకసారైతే చేతికి బాణం దిగిన గాయంతో నది ఈది, ఒడ్డున పొదల్లో పడి ఉంటే తైమూర్ మనుషులే వెతికి తెచ్చారు. "వాణ్ని అప్పగించు" అని ఉరుస్ ఖాన్ కబురు పెడితే తైమూర్ యుద్ధానికి సిద్ధపడ్డాడు గానీ అప్పగించలేదు. 1377లో ఉరుస్ చనిపోయాక దారి తెరుచుకుంది. కొన్నేళ్లలోనే తోఖ్తమిష్ తూర్పు, పడమర భాగాలను మళ్లీ ఒక్కటి చేశాడు. 1380లో కులికోవో దగ్గర మాస్కో రాజు దిమిత్రీ చేతిలో ఓడిన మామైని, అంటే హోర్డ్ పడమర భాగంలో పెత్తనం చేస్తున్న సేనానిని, ఆ వెంటనే తుడిచిపెట్టాడు. 1382లో మాస్కోనే తగలబెట్టాడు.

ఇంతవరకు ఇద్దరికీ గొడవ లేదు. 1385-86 చలికాలంలో తోఖ్తమిష్ సైన్యం కాకసస్ కొండలు దాటి ఇరాన్ వాయవ్యాన ఉన్న తబ్రీజ్ మీద పడింది. ద్రోహం అనేది ఇక్కడే మొదలైందంటారు. కానీ తబ్రీజ్ అప్పటికి తైమూర్‌ది కాదు కదా! జలాయిర్ వంశపు సుల్తాన్ అహ్మద్‌ది. ఆ ఊరున్న అజర్‌బైజాన్ మాది అని జోచి వంశంవాళ్లు 1260ల నుంచీ అంటున్నారు. జోచి కొడుకు బెర్కే ఖాన్, ఇరాన్‌ను ఏలిన అతని పినతండ్రి కొడుకు హులాగూ కొట్టుకున్నది అక్కడే. 1357లో జానీబెక్ ఖాన్ తబ్రీజ్‌ను పట్టుకున్నాడు కూడా. తాత ముత్తాతల నాటి వాదన అది. సరాయ్ సింహాసనం మీద కూర్చున్న ఏ ఖానూ దాన్ని వదులుకోలేడు. అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారెజ్మ్ సంగతీ అంతే. ఉర్గెంచ్‌తో సహా దాని ఉత్తర భాగం చెంఘిజ్ కొడుకుల మధ్య జరిగిన మొదటి పంపకాల్లో జోచి వాటా. దాన్ని 1379లో తైమూర్ లాక్కున్నాడు.

అసలు తైమూర్ ఎందుకు చేరదీశాడో చూడండి. జాలితో కాదు. ఉరుస్ ఖాన్ చేతిలో గడ్డిమైదానం మొత్తం ఒక్కటైతే సమర్‌కంద్‌కు ముప్పు. అందుకని వాళ్ల ఇంటి మనిషినే వాళ్ల మీదికి ఎగదోశాడు. లెక్క తప్పింది. తాను నిలబెట్టినవాడే ఆ పని పూర్తి చేశాడు.

కృష్ణాతీరం:

బాగా రాశారండీ, కానీ మీరు తబ్రీజ్ దగ్గర ఆగిపోయారు. నా అభ్యంతరం ఆ తర్వాతి సంగతుల మీద.

1387లో తోఖ్తమిష్ సైన్యం దర్బంద్ కనుమ దాటి మళ్లీ వచ్చింది. ఈసారి అక్కడున్నది తైమూరే. కొడుకు మీరాన్ షా వాళ్లను తరిమి ఖైదీలను పట్టుకున్నాడు. తైమూర్ ఆ ఖైదీలను చంపలేదు. "మన మధ్య తండ్రీకొడుకుల బంధం ఉంది, ఇదేం పని?" అన్నట్టు మందలించి వెనక్కి పంపేశాడు. ఎదురు తిరిగిన ఊళ్లలో పుర్రెలతో గుట్టలు పేర్పించిన మనిషి ఇలా చేశాడంటే మాటలు కాదు. దానికి తోఖ్తమిష్ జవాబేమిటి? అదే ఏడాది చివర్లో, తైమూర్ ఇరాన్ దక్షిణాన షీరాజ్ వైపు ఉండగా, నేరుగా అతని ఇంటి మీదికే వచ్చాడు. ఓత్రార్ దగ్గర తైమూర్ కొడుకు ఉమర్ షేక్‌ను ఓడించారు, బుఖారాను ముట్టడించారు, కర్షీ దగ్గర జంజీర్ సరాయ్ రాజభవనాన్ని తగలబెట్టారు. బుఖారా ఏనాడు జోచి వంశం వాటా? అది మొదటి నుంచీ చెంఘిజ్ ఇంకో కొడుకు చగతాయ్ వాళ్లదే. వారసత్వ వాదన ఇక్కడ చెల్లదు.

ఇంకో మాట. తబ్రీజ్ మీద హక్కు ఉందనుకున్నవాడు అక్కడ గవర్నర్‌ను పెట్టాలి, పన్ను వసూలు చేయాలి, నాణేలు వేయించాలి. తోఖ్తమిష్ మనుషులు దోచుకుని, జనాన్ని బందీలుగా పట్టుకుని పోయారు. కవి కమాల్ ఖుజందీని కూడా అలాగే సరాయ్‌కు తీసుకుపోయారు. తన సొంతం అనుకున్న ఊరిని ఎవరైనా ఇలా చేస్తారా?

మధ్యాసియా_పాఠకుడు:

బుఖారా దాడి వారసత్వం కోసం అని నేను అనను మేడమ్. అది యుద్ధ వ్యూహం. 1386లో తైమూర్ తబ్రీజ్‌ను ఆక్రమించిన క్షణంలోనే ఇద్దరి మధ్య యుద్ధం మొదలైపోయింది. శత్రువు దూరంగా ఉన్నప్పుడు అతని రాజధాని వైపు కదలడం తైమూర్ కూడా ఎన్నోసార్లు చేసిన పనే. అదే పని ఒకరు చేస్తే వ్యూహం, ఇంకొకరు చేస్తే ద్రోహమా?

పైగా ఆ ఖైదీల విడుదల, ఆ తండ్రీకొడుకుల మాటలు మనకు ఎక్కడి నుంచి వచ్చాయి? తైమూర్ ఆస్థానంలో రాయించుకున్న చరిత్రల నుంచే. నిజాముద్దీన్ షామీ తైమూర్ బతికుండగా రాశాడు, షరఫుద్దీన్ అలీ యజ్దీ అతని మనవడి ప్రాపకంలో రాశాడు. సరాయ్ తరఫున అలాంటి ఆస్థాన చరిత్ర ఒక్కటీ మిగల్లేదు. సరాయ్‌నే తగలబెట్టారు కదా.

రిటైర్డ్_సోషల్_మాస్టారు:

ఇద్దరూ మంచి పాయింట్లు పెట్టారు. నేను హైస్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ని. నా దృష్టిలో అసలు ముడి కృతజ్ఞతలో లేదు, రక్తంలో ఉంది.

చెంఘిజ్ రక్తం లేనివాడు ఖాన్ కాలేడన్నది ఆ కాలపు నియమం. తైమూర్ బర్లాస్ తెగవాడు. జీవితాంతం అమీర్ అనిపించుకున్నాడు, చెంఘిజ్ వంశపు పిల్లను చేసుకుని గూర్గాన్, అంటే అల్లుడు అనే బిరుదు పెట్టుకున్నాడు. సింహాసనం మీద సుయుర్గత్‌మిష్ అనే కీలుబొమ్మ ఖాన్‌ను కూర్చోబెట్టి వెనక నుంచి ఏలాడు. తోఖ్తమిష్‌కు ఈ తంటాలేవీ లేవు, పుట్టుకతోనే అర్హుడు. అతను సమర్‌కంద్‌లో ఆశ్రయం అడిగినన్నాళ్లు "కొడుకు". సరాయ్‌లో కూర్చున్నాక, అప్పటి కొలమానం ప్రకారం, తైమూర్ కంటే ఒక మెట్టు పైవాడు. ఈ సంబంధం ఎలా నిలుస్తుంది?

దీనికి రాతి సాక్ష్యమే ఉంది. 1391లో తైమూర్ తోఖ్తమిష్ మీదికి దండెత్తిపోతూ, ఇప్పటి కజఖ్‌స్తాన్ నడిబొడ్డున ఉలుతౌ కొండల దగ్గర ఆగి ఒక బండ మీద శాసనం చెక్కించాడు. ఇప్పుడది రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. పైన అరబిక్ పంక్తులు, కింద ఉయ్గుర్ లిపిలో తుర్కీ. అందులో తనను "తూరాన్ సుల్తాన్ తైమూర్ బేగ్" అని చెప్పుకున్నాడు. తోఖ్తమిష్‌ను మాత్రం ఖాన్ అనే అన్నాడు. చంపడానికి వెళ్తున్న శత్రువుకు కూడా ఆ బిరుదు తీసేయలేకపోయాడు.

ఆ దండయాత్ర గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే పగ ఎంత ముదిరిందో అక్కడే తెలుస్తుంది. తాష్కెంట్ నుంచి చలికాలంలో బయల్దేరి, మనిషన్నవాడు కనబడని గడ్డిమైదానంలో నెలల తరబడి ఉత్తరానికి నడిచారు. తిండి అయిపోయింది. గొర్రె ధర ఆకాశానికంటింది. రొట్టె కాల్చొద్దని, పెద్దా చిన్నా అందరూ పిండి జావే తాగాలని తైమూర్ హుకుం జారీ చేశాడు. చివరికి సైన్యం మొత్తాన్ని వలయంగా నిలబెట్టి మైదానంలోని జంతువులను మధ్యకు తోలి వేటాడితే గానీ కడుపులు నిండలేదు. ఎంత ఉత్తరానికి పోయారంటే, రాత్రి సరిగా చీకటి పడకుండానే తెల్లవారుతుంటే, ఇషా (రాత్రి) నమాజ్ చేయకపోయినా ఫర్వాలేదని మతపెద్దలు చెప్పాల్సి వచ్చింది. చివరికి 1391 జూన్ 18న కొందుర్చా నది దగ్గర తోఖ్తమిష్ దొరికాడు, ఓడాడు, తప్పించుకున్నాడు. సరిహద్దు తగాదా కోసం ఎవరూ ఇంత దూరం పోరు.

కృష్ణాతీరం:

మాస్టారూ, ఇది నా వాదనకే బలం కాదా? గుండెల్లో గాయం లేకపోతే అంత దూరం ఎందుకు పోతాడు? ఆ దండయాత్ర దారిలోనే తోఖ్తమిష్ దూతలు ఒక డేగను, 9 గుర్రాలను కానుకగా తెచ్చి క్షమించమన్నారు. తైమూర్ డేగను చేతి మీదికి తీసుకున్నాడు గానీ దానివైపు సరిగా చూడనైనా లేదంటారు. గాయపడి వస్తే చేరదీశాను, నేను లేనప్పుడు నా దేశం మీద పడ్డాడు అని ఒక్కొక్కటీ ఎత్తి చూపాడు.

రిటైర్డ్_సోషల్_మాస్టారు:

గాయం లేదని నేను అనలేదమ్మా. గాయం ఉంది, కానీ యుద్ధానికి కారణం అది కాదు. సైన్యాన్ని నడిపించడానికి గాయం పనికొచ్చింది.

వేయిస్తంభాలు:

ఇంతసేపూ ఇద్దరు రాజుల గురించే మాట్లాడుతున్నారు. మధ్యలో ఉన్న అమీర్ల, అంటే తెగల నాయకుల, సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నా మటుకు అసలు దోషులు వాళ్లే.

పైన పాఠకుడు గారు సరాయ్ తరఫు చరిత్ర మిగల్లేదన్నారు. చరిత్ర గ్రంథం మిగల్లేదు నిజమే, ఒక ఉత్తరం మిగిలింది. 1393లో తోఖ్తమిష్ పోలండ్ రాజు యొగైలాకు రాసిన యర్లీక్, అంటే ఖాన్ అధికారిక లేఖ. అందులో యుద్ధం గురించి తన మాట చెబుతాడు. మా వాళ్లలోనే కొందరు ఎదిగూ అనే వాణ్ని తైమూర్ దగ్గరకు పంపి మా మీదికి పిలిపించారు, యుద్ధంలో ముందు వాళ్లే చెదిరిపోయారు, అందుకే అలా జరిగింది అని దాని సారాంశం. తబ్రీజ్ ఊసు లేదు, బుఖారా ఊసు లేదు, తైమూర్ మేలు ఊసు అసలే లేదు. తప్పంతా ఇంటి దొంగల మీదే.

ఆ ఎదిగూ ఎవరు? మంగిత్ తెగ నాయకుడు. 1391లో తైమూర్‌కు దారి చూపిన వాళ్లలో ఒకడు. యుద్ధం గెలవగానే "మా జనాన్ని తీసుకుని వస్తాం" అని సెలవు పుచ్చుకుని, మళ్లీ తైమూర్ ముఖం చూడలేదు. అతనూ, తైమూర్ కుత్లుగ్ అనే రాకుమారుడూ కలిసి తర్వాత గోల్డెన్ హోర్డ్‌ను చేతిలోకి తీసుకున్నారు. 1399 ఆగస్టు 12న వోర్స్‌క్లా నది దగ్గర తోఖ్తమిష్‌నూ, అతనికి అండగా వచ్చిన లిథువేనియా పాలకుడు వితౌతాస్‌నూ చితక్కొట్టింది వీళ్లే. లాభపడింది ఎవరో చూడండి, మంట పెట్టింది ఎవరో తెలుస్తుంది. ఖాన్ సంధి చేసుకుందామనుకున్నప్పుడల్లా అమీర్లు అడ్డుపడ్డారని తైమూర్ వైపు చరిత్రకారులే రాశారు.

కృష్ణాతీరం:

అమీర్లు చెడగొట్టారంటే నమ్ముతాను, కానీ రెండోసారి కూడానా? 1394లో తోఖ్తమిష్ మనుషులు మళ్లీ కాకసస్‌కు దక్షిణాన ఉన్న షిర్వాన్ మీద పడ్డారు. ఈజిప్టు సుల్తాన్ బర్కూక్‌తో కూడా మంతనాలు నడిచాయి. అయినా తైమూర్ శంసుద్దీన్ అల్మాలిగీ అనే దూతను పంపి, సంధా యుద్ధమా తేల్చుకో అన్నాడు. దూత మాటలకు ఖాన్ మెత్తబడ్డాడు, అమీర్లు వద్దన్నారు, ఆగిపోయాడు. ఖాన్ అన్నాక ఆ నిర్ణయం అతనిదే అవుతుంది.

ఫలితం 1395 ఏప్రిల్‌లో, కాకసస్‌కు ఉత్తరాన తెరెక్ నది దగ్గర. ఈసారి గెలుపు సునాయాసంగా రాలేదు. శత్రువులు తైమూర్ మీదికే దూసుకొచ్చారు. అతని బాణాలు అయిపోయాయి, ఈటె విరిగింది, కత్తీ విరిగింది. షేక్ నూరుద్దీన్, కొందరు సైనికులు గుర్రాలు దిగి అతని చుట్టూ అడ్డంగా నిలబడ్డారు. శత్రువుల బండ్లనే లాక్కొచ్చి కంచెలా పెట్టి కాపాడారు. సంధి కుదిరితే ఇవేవీ జరిగేవి కావు.

మధ్యాసియా_పాఠకుడు:

తెరెక్ తర్వాత తైమూర్ ఏం చేశాడో కూడా చెప్పాలి మేడమ్. పగ ఒక్క తోఖ్తమిష్ మీదే అయితే అతన్ని వెంటాడాలి, పట్టుకోవాలి. కొన్నాళ్లు వెంటాడాడు, దొరకలేదు. ఆ తర్వాత 1395-96లో వరసగా వ్యాపార పట్టణాలను నేలమట్టం చేశాడు. డాన్ నది ముఖద్వారం దగ్గర ఇటలీ వర్తకులుండే అజాక్, వోల్గా ముఖద్వారం దగ్గర హాజీ తర్ఖాన్, ఆపైన సరాయ్. అంతకుముందే 1388లో ఉర్గెంచ్‌ను పడగొట్టి ఆ నేలలో బార్లీ చల్లించాడు. ఈ నాలుగు ఊళ్లనూ మ్యాప్‌లో గీత గీసి కలపండి. చైనా సరుకు నల్లసముద్రానికి చేరే ఉత్తరపు దారి అది. అది మూతపడితే వ్యాపారం దక్షిణంగా సమర్‌కంద్, తబ్రీజ్ గుండా పోవాలి, ఆ రెండూ తైమూర్‌వే. ఈ పని కృతఘ్నుడికి వేసిన శిక్షా? ఆ ఊళ్లలో కాలిపోయిన ఇళ్లవాళ్లకు తోఖ్తమిష్ ఎవరి ఉప్పు తిన్నాడో ఏం సంబంధం? నాకు ఈ వాదనలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ద్రోహం, కృతజ్ఞత అని మాట్లాడుతూ పోతే ఆ నగరాలు లెక్కలోంచి జారిపోతాయి.

1405 సంగతి కూడా చూడండి. చైనా మీదికి బయల్దేరిన తైమూర్ దగ్గరకు తోఖ్తమిష్ దూత వచ్చి క్షమించమన్నాడు. తైమూర్ కోప్పడలేదు. చైనా నుంచి తిరిగొచ్చాక రాజ్యం మళ్లీ ఇప్పిస్తానని మాటిచ్చాడు. కొన్ని వారాల్లోనే, ఫిబ్రవరిలో, చనిపోయాడు. అన్నిసార్లు ద్రోహం చేసినవాడికి ఆ మాట ఎందుకిచ్చాడు? ఎందుకంటే అప్పటికి బలవంతుడు ఎదిగూ. 1376లో ఉరుస్ మీదికి తోఖ్తమిష్‌ను ఎలా వాడాడో, ఇప్పుడు ఎదిగూ మీదికి అలాగే వాడదామనుకున్నాడు.

కృష్ణాతీరం:

లేదా ముసలితనంలో నిజంగానే క్షమించి ఉండొచ్చు కదా. ఉపకారాన్ని మరిచినందుకు ఫలితం అనుభవించాను అని ఆ దూత తోఖ్తమిష్ తరఫున ఒప్పుకున్నట్టు రాశారు. అది ఆస్థాన చరిత్రకారుడి మాట అని మీరు అంటారని తెలుసు. కానీ కోప్పడకపోవడం, మాటివ్వడం ఆ పుస్తకంలోంచే మీరూ తీసుకున్నారు. మీకు పనికొచ్చే వాక్యం నమ్మి, నాకు పనికొచ్చేది కొట్టేస్తే ఎలా?

రిటైర్డ్_సోషల్_మాస్టారు:

అమ్మాయి అడిగింది న్యాయమే. అందుకని ఆ పుస్తకాన్ని పక్కనబెట్టి, వాళ్లిద్దరూ పోయాక జరిగింది చూద్దాం. తోఖ్తమిష్‌ను 1406 ప్రాంతంలో సైబీరియాలో త్యుమెన్ దగ్గర చంపేశారు. కానీ తైమూర్ కన్ను మూసిన ఏడాదిలోపే ఎదిగూ వచ్చి ఖ్వారెజ్మ్‌ను లాక్కున్నాడు. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి తైమూర్ కొడుకు షారూఖ్‌కు 1413 దాకా పట్టింది. ఎదిగూకు తైమూర్ తండ్రి కాదు, షారూఖ్ అన్నా కాదు. వాళ్ల మధ్య ఉప్పూ లేదు, ఉపకారమూ లేదు. అయినా అదే నేల కోసం అదే యుద్ధం జరిగింది.