మా ఇంకో పెట్ట కోడిపిల్లల్ని పొడుస్తోంది, మీ ఇళ్ళలో ఇలా జరిగిందా?

కొరిటెపాడు పెరడు | శనివారం ఉదయం 7:10
మా ఎర్రపెట్ట మంగళవారం పిల్లల్ని చేసింది. 11 గుడ్లు పొదగేస్తే 9 పిల్లలు. మా అత్తగారు చెప్పినట్టు గంపలో వరిగడ్డి కింద ఒక ఇనప మేకు, రెండు బొగ్గు ముక్కలు పెట్టి పొదగేశాం. నిన్న మొదటిసారి పిల్లలతో పెరట్లోకి వదిలితే, మా నల్లపెట్ట వచ్చి ఒక పిల్లను నడినెత్తి మీద పొడిచింది. ఒకసారి కాదు, మూడు సార్లు. ఆ పిల్ల బోరింగు పక్కనున్న బిందె వెనక్కి దూరి కిక్కురుమనకుండా కూర్చుంది. తీసి చూస్తే నెత్తి మీద నూగు ఊడి కందిగింజంత మేర ఎర్రగా ఉంది. పసుపు అద్దాను. తల్లి నల్లదాన్ని గేటు దాకా తరిమింది గానీ, అది అటు పోయినంతసేపూ మిగతా ఎనిమిదీ దిక్కులేనట్టు అరిచాయి. రాత్రంతా నాకు టెన్షనే.
నల్లపెట్టను వేరు చేయాలా, పిల్లల్నా? పుంజును దగ్గరికి రానివ్వచ్చా? చుక్కల మందు ఎప్పుడు వేయించాలి? మా పెరడు రెండు సెంట్లే, దానికి తగ్గట్టు చెప్పండి.

పోరంకి తోట | 7:42
పుంజు గురించి నేను చెబుతాను. పుంజు పిల్లల్ని చంపుతుందని ఎవరన్నా నమ్మకండి. మా సేతువ పుంజు పురుగు దొరికితే తను తినదు. ముక్కుతో ఎత్తి కింద వేసి కొక్ కొక్ మంటుంది, పిల్లలు వచ్చి తినేదాకా అలాగే నిలబడుతుంది. పోయిన కార్తీకంలో గద్ద వాలబోతే ముందు అరిచింది అదే. ఆ అరుపు వేరుగా ఉంటుంది, సన్నగా సాగదీసినట్టు. కుక్క వచ్చినప్పుడు గట్టిగా ముక్కలు ముక్కలుగా అరుస్తుంది. గద్ద అరుపు వినగానే పిల్లలు ఎక్కడివక్కడ నేలకి అతుక్కుపోతాయి. రెండు అరుపులకీ తేడా నాలుగు రోజుల పిల్లకి కూడా తెలుసు.

కోళ్ళ మాస్టారు | 8:05
11లో 9 వచ్చాయంటే ఆ మేకు వల్లే తల్లీ. మీ అత్తగారికి దండం పెట్టండి. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయి, ఇనుము ఉంటే ఆ దెబ్బ లాగేసుకుంటుంది. 22 ఏళ్ళుగా నాటుకోళ్ళు పెంచుతున్నాను. మేకు లేకుండా ఒక్క గంప కూడా పొదగేయలేదు.

గన్నవరం వెటర్నరీ స్టూడెంట్ | 8:31
మాస్టారు గారూ, గౌరవంతోనే చెబుతున్నాను. ఉరుముకీ గుడ్డుకీ సంబంధం లేదు. మేకు పెడితే నష్టం లేదు, కానీ లాభమూ లేదు. ఏడో రోజు రాత్రి టార్చి పెట్టి చూస్తే ఏ గుడ్డులో ప్రాణం ఉందో తెలిసిపోతుంది.
కొరిటెపాడు వారికి: రక్తం మరక కనిపిస్తే మిగతా కోళ్ళూ అక్కడే పొడుస్తాయి. పుండు ఆరేదాకా తల్లినీ పిల్లల్నీ కలిపే వేరుగా ఉంచండి. పిల్లను ఒక్కదాన్నే విడదీయకండి.

కోళ్ళ మాస్టారు | 8:40
టార్చి నాకు కొత్త కాదమ్మా. మీరు పుట్టక ముందు నుంచీ కిరసనాయిలు దీపం దగ్గర పెట్టి చూసినవాణ్ణి. 2 ఏళ్ళ క్రితం మే నెలలో గాలివాన వచ్చింది. మా పక్కింటాయన మేకు పెట్టలేదు. 13 గుడ్లకి 12 మురిగిపోయాయి. దానికేమంటారు?

గన్నవరం వెటర్నరీ స్టూడెంట్ | 9:02
మే నెల అన్నారు కదా, జవాబు అందులోనే ఉంది. పెట్ట రోజుకొకటి చొప్పున 13 పెట్టేసరికి దాదాపు రెండు వారాలు పడుతుంది. వారం దాటిన గుడ్డులో పిల్ల వచ్చే అవకాశం తగ్గుతూ పోతుంది. పైగా రోహిణి కార్తె ఎండకి, గుడ్డు పెట్ట కింద లేకపోయినా, లోపల పిండం కొంచెం కదిలి ఆగిపోతుంది, చచ్చిపోతుంది. తర్వాత పొదగేసినా అది మురగాల్సిందే. ఎండలు ముదిరే రోజుల్లోనే ఉరుములూ వస్తాయి కాబట్టి నింద ఉరుము మీద పడింది. ఎండాకాలం గుడ్లను తాగునీళ్ళ కుండ పక్కన తడి ఇసుకలో చల్లగా ఉంచి, ఆఖరి వారం గుడ్లే పొదగేయించండి. మేకు లేకుండా ఎన్ని వస్తాయో చూడండి.

తెనాలి బాతులమ్మ | 9:20
మీ మేకు గొడవ ఆపండి బాబూ. నేను కోడి కింద బాతు గుడ్లు 6 వేశాను. 28 రోజులు కూర్చుంది పాపం, తన పిల్లలైతే 21 రోజులకే వచ్చేవి. మూడో రోజు పిల్లలు కాలవలోకి దిగిపోతే గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ అది అరిచిన అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. ఇంకెప్పుడూ బాతు గుడ్లు కోడి కింద వేయను.

కోళ్ళ మాస్టారు | 9:26
పుస్తకాలు చదివి మాకు కోళ్ళు నేర్పించే రోజులొచ్చాయి. సరే, ఉండండి మీరు.

పోరంకి తోట | 9:33
మాస్టారూ, ఆ అమ్మాయి తిట్టలేదు, వివరం చెప్పింది. మీ వయసుకి తగ్గట్టు మాట్లాడండి.

కోళ్ళ మాస్టారు | 9:35
నా వయసు సంగతి మీకెందుకు? నేను అడిగింది గుడ్ల సంగతి.

సింగ్‌నగర్ మేడ | 10:15
పెద్దవాళ్ళు గొడవ పడకండి. నాది 2024 సెప్టెంబర్ మాట. బుడమేరు నీళ్ళు తెల్లవారేసరికి మెట్ల దాకా వచ్చాయి. 12 రోజుల పిల్లలు 7, తల్లి. చీర కొంగులో పిల్లల్ని వేసుకుని మేడ ఎక్కాను, తల్లిని మా అబ్బాయి చంకలో పెట్టుకున్నాడు. వాన ఆగలేదు. వాటర్ ట్యాంకు కింద జానెడు ఎండు చోటు ఉంటే తల్లి అక్కడ రెక్కలు విప్పి కూర్చుంది. వీపంతా తడిసి ఈకలు ముద్దయ్యాయి, కింద పిల్లలు పొడిగా ఉన్నాయి. రెక్క ఎత్తి చూశాను, వెచ్చగా ఆవిరి తగిలింది. పడవలో వచ్చిన అన్నం పొట్లాల్లో మెతుకులు వాటికి వేశాం.
మీ ప్రశ్నకి వస్తాను. ఎదురింటివాళ్ళు తమ 4 పెట్టల్ని కూడా మా మేడ మీదకే చేర్చారు. కొత్త చోటు, ఇరుకు. వాటిలో ఒకటి మా పిల్లల్ని పొడవడం మొదలుపెట్టింది. ఇరుకే దానికి కారణం అనిపించింది నాకు. నీళ్ళు దిగి కిందకి వచ్చాక అదే పెట్ట పిల్లల జోలికి పోలేదు. రెండు సెంట్లలో మీకు ఎన్ని కోళ్ళున్నాయో చెప్పలేదు.

కొరిటెపాడు పెరడు | 10:50
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి అక్కా. మాకు పెట్టలు 6, పుంజు 1. ఇరుకే, ఒప్పుకుంటాను. గంప కింద మూసేద్దామంటే ఎర్రపెట్ట లోపల గింజుకుంటోంది, పిల్లల్ని తొక్కుతుందేమోనని భయం.

పటమట పాత ఇల్లు | 11:12
తల్లి కాలు పడితే పిల్ల చస్తుందా అని మా నాయనమ్మ అనేది. చస్తుంది. మా ఇంట్లో చిన్న గంప కింద బెదిరిపోయిన పెట్ట తొక్కి రెండు పోయాయి. పెద్ద గంప వాడండి, లోపల పెట్ట ఒక చుట్టు తిరగగలగాలి. దానికంటే వెదురు తడక మేలు. పెరట్లో ఒక మూల అడ్డం కట్టి, కింద మూడు వేళ్ళ సందు వదలండి. పిల్లలు దూరి లోపల తింటాయి, పెద్దవి దూరలేవు. నూకలు, నీళ్ళు లోపలే పెట్టండి. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేయడం మరవకండి, పిల్ల పడి మునిగిపోతుంది.
పెట్టలకి లేయర్ దాణా వేస్తుంటే మాత్రం పిల్లల్ని అందులో ముక్కు పెట్టనివ్వకండి. గుడ్డు పెంకు కోసం కలిపే సున్నం వాటికి పడదు.

వనరాజా రెండో బ్యాచ్ | 11:40
మీకు తల్లైనా ఉంది. నేను వనరాజా అనే రకం కోడిపిల్లల్ని 25 కొన్నాను, అవి పెద్దయ్యాక ఒక్కటీ పొదగడానికి కూర్చోదు. గుడ్లు బాగా పెడతాయి, అంతే. బల్బు కింద పెంచాను. మొదటి వారం 35 డిగ్రీలు ఉండాలన్నారు, విజయవాడలో ఏప్రిల్ మధ్యాహ్నం బల్బు అక్కర్లేదు, రాత్రికే కావాలి. ఇంకో సంగతి, ఒక నాటు పెట్ట కొక్కరిస్తుంటే రాత్రి చీకట్లో దాని కింద ఒకరోజు పిల్లల్ని 5 దూర్చాను. తెల్లారి తన పిల్లల్లాగే తిప్పింది. వారం తర్వాత మళ్ళీ 3 పిల్లల్ని అలాగే దూర్చబోతే మూడింటినీ పొడిచేసింది. దానికి అప్పటికే తన పిల్లలెవరో తెలిసిపోయింది.

కోళ్ళ మాస్టారు | మధ్యాహ్నం 12:30
కోపంలో ఒక మాట అన్నాను, అది వదిలేయండి. కొరిటెపాడు తల్లీ, అసలు సంగతి చెబుతాను, ఇందులో నాకు ఎదురు లేదు. నల్లపెట్టను తీసుకెళ్ళి నాలుగైదు రోజులు వేరే చోట కట్టేయి. పిల్లల్ని కాదు, దాన్నే. ఇప్పుడు మీ పెరట్లో పెత్తనం దానిది. పిల్లలకోడి ఎదురు తిరగడంతో ఆ పెత్తనం కదిలింది, అందుకే పిల్లల మీద పడుతోంది. నాలుగు రోజులకి తిరిగొచ్చేసరికి అదే కొత్తది అవుతుంది, ఎర్రపెట్ట దాన్ని ఒక్క తన్ను తన్ని కూర్చోబెడుతుంది. సాయంత్రం చీకటి పడ్డాక వదులు, పగలు కాదు.
ఆ స్టూడెంట్ అమ్మాయికి: ఈసారి రెండు గంపలు పొదగేస్తాను. ఒకదాంట్లో మేకు, ఒకదాంట్లో లేదు. వచ్చిన లెక్క ఇక్కడే రాస్తాను.

గన్నవరం వెటర్నరీ స్టూడెంట్ | 1:05
తప్పకుండా రాయండి మాస్టారూ. రెండింటికీ ఒకే వయసు గుడ్లు వేయండి. నల్లపెట్ట గురించి మీరు చెప్పింది సరైనది, పుండు ఆరేదాకా తల్లీ పిల్లలూ వేరుగా ఉండటంతో పాటు అదీ చేయాలి.
చుక్కల మందు: కొక్కెర తెగులుకి లాసోటా అనే టీకా, 5 నుంచి 7 రోజుల మధ్య ఒక కంట్లో ఒక చుక్క. మీకు మంగళవారం పిల్లలు కాబట్టి రేపు ఆదివారమో, ఎల్లుండి సోమవారమో వేయాలి. 4 వారాలకి మళ్ళీ. రెండు నెలలకి ఇంజెక్షన్. మందు ఐస్‌లో లేకపోతే వేసినా దండగే. కలిపిన గంట, రెండు గంటల్లో అయిపోవాలి. పెద్ద కోళ్ళకి నీళ్ళలో ఇచ్చేవాళ్ళు కుళాయి నీళ్ళు వాడకండి, అందులోని క్లోరిన్ మందును చంపేస్తుంది.

కొరిటెపాడు పెరడు | 1:30
షాపులో అడిగాను. 100 కోళ్ళకి సరిపడే సీసానే ఉందన్నారు. నాకున్నవి 9 పిల్లలు.

పోరంకి తోట | 1:38
అందరికీ అదే బాధ. మా వీధిలో నాలుగిళ్ళు కలిసి ఒక సీసా తెస్తాం. పుంజును ఉంచుకోండి అని చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

పేరేచర్ల గుట్ట | 2:10
నేను పుంజు మాట ఒప్పుకోను. మా డేగ పుంజు పిల్లను కాలితో తన్నింది, చచ్చిపోయింది. ఒక్కో పుంజుది ఒక్కో బుద్ధి. పక్కన నిలబడి గంటసేపు చూడకుండా వదలకండి.
కొరిటెపాడు వారూ, మాకు 14 పిల్లలు, అన్నీ బుధవారంవి. రేపు మందు తెస్తున్నాం. మీ 9 కూడా కలిపేద్దాం. పొద్దున 7 లోపు, ఎండ ఎక్కకముందే.

కొరిటెపాడు పెరడు | రాత్రి 8:20
వస్తాం అండీ, ఐస్ డబ్బా కూడా తెస్తాను. నల్లపెట్టను మా ఆడపడుచు ఇంటికి పంపేశాం. సాయంత్రం తడక కట్టాం. నెత్తి కందిన పిల్ల అన్నిటికంటే ముందు సందులోంచి దూరి నూకలు తింది. ఇప్పుడే గంప ఎత్తి చూశాను. ఎర్రపెట్ట గుర్రుమంది. ఎనిమిది పిల్లలు రెక్కల కింద ఉన్నాయి, ఆ నెత్తి కందిన పిల్ల మాత్రం తల్లి వీపు మీదెక్కి పడుకుంది.