ప్రామాణిక విచలనానికి ఎన్‌తో భాగించాలా, ఎన్–1తో భాగించాలా?

ప్రశ్న (బి.ఎస్సీ. మొదటి సంవత్సరం విద్యార్థిని)

అందరికీ నమస్కారం. స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ రికార్డు రాస్తుండగా వచ్చిన ఒక తేడా గురించి అడుగుతున్నాను. ఒక నారుమడి నుంచి తీసిన ఐదు వరి నారు మొక్కల పొడవులు సెంటీమీటర్లలో 14, 16, 18, 20, 22 అని ఇచ్చి, ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కనుక్కోమన్నారు. ఇంటర్‌లో నేర్చుకున్న పద్ధతిలోనే చేశాను. సగటు 18, విచలనాలు –4, –2, 0, 2, 4, వాటి వర్గాల మొత్తం 40, దాన్ని 5తో భాగిస్తే 8, దాని వర్గమూలం 2.83. అవే అంకెలను ఎక్సెల్‌లో వేసి ఎస్‌టిడెవ్ ఫార్ములా ఇస్తే 3.16 వచ్చింది. 3.16 వర్గం దాదాపు 10 కాబట్టి ఎక్సెల్ 40ని 4తో భాగించిందని తెలిసింది గానీ, ఐదు మొక్కలు ఉండగా నాలుగుతో ఎందుకు భాగించాలో బోధపడలేదు. నోట్సులో "డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఒకటి తగ్గుతుంది" అన్న ఒక్క వాక్యమే ఉంది. రికార్డులో ఏ జవాబు రాయాలో, ఎందుకు రాయాలో దయచేసి వివరించగలరు.

సమాధానం (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు)

అమ్మా, మీ రెండు లెక్కల్లోనూ తప్పు లేదు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. మనకు కావలసింది ఆ ఐదు మొక్కల సంగతి మాత్రమే అయితే, అంటే వాటి పొడవులు తమలో తాము ఎంత చెదిరి ఉన్నాయో చెప్పడమే పని అయితే, 5తోనే భాగించాలి. ఇంటర్ పుస్తకం ఇచ్చిన దత్తాంశాన్నే సంపూర్ణంగా తీసుకుంటుంది కనుక అక్కడ ఎన్‌తో, అంటే మొత్తం ఎన్ని అంకెలుంటే అంతతో, భాగించడం సమంజసమే. మీ ప్రాక్టికల్‌లో మాత్రం "నారుమడి నుంచి తీసిన" అన్న మాట ఉంది. అంటే మడిలోని మొక్కలన్నీ కలిసి సమష్టి, ఈ ఐదూ దాని నుంచి తీసిన నమూనా. మడి మొత్తంలో పొడవులు ఎంత చెదిరి ఉన్నాయో ఐదింటిని చూసి అంచనా కట్టాలి. ఆ పనికి 4తో భాగించాలి. కాబట్టి రికార్డులో 3.16 రాసి, ఎన్–1 వాడినట్టు పక్కనే పేర్కొనండి.

ఇక కారణం. విస్తృతిని (వేరియన్స్, అంటే వర్గమూలం తీయకముందు వచ్చే విలువను) కొలవాలంటే ప్రతి పొడవూ మడి మొత్తం సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చూడాలి. ఆ సగటు మనకు తెలియదు కనుక, దాని స్థానంలో నమూనా సగటు 18ని పెట్టుకుంటున్నాం. చిక్కు ఇక్కడే ఉంది. 18 ఆ ఐదు అంకెల నుంచే పుట్టింది కాబట్టి అది వాటికి నడిమధ్యన కూర్చుంటుంది. మడి అసలు సగటు 19 అనుకోండి. అప్పుడు విచలనాలు –5, –3, –1, 1, 3 అవుతాయి, వర్గాల మొత్తం 45. అసలు సగటు 17 అయినా 45 వస్తుంది. 20 అయితే 60. ఏ సంఖ్య నుంచి కొలిచినా వర్గాల మొత్తం 40కి తగ్గదు. నమూనా సగటు నుంచి కొలిచినప్పుడే అది కనిష్ఠం. కనుక తెలియని అసలు సగటుకు బదులు నమూనా సగటు వాడిన ప్రతిసారీ వర్గాల మొత్తం ఉండవలసినదానికంటే తక్కువ వస్తుంది, మహా అయితే సమానంగా వస్తుంది, ఎక్కువ మాత్రం రాదు. ఈ లోటు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది కాబట్టే దాన్ని సవరించడం సాధ్యమవుతోంది.

లోటు ఎంతో తెలియాలంటే సూత్రం కంటే ముందు ఒక చిన్న సమష్టిని పూర్తిగా లెక్కించి చూడడం మేలు. 2, 4, 6 అన్న మూడు చీటీలు మాత్రమే ఉన్న డబ్బాను తీసుకోండి. సగటు 4, వర్గ విచలనాలు 4, 0, 4, కనుక సమష్టి విస్తృతి 8/3. ఇప్పుడు ఒక చీటీ తీసి, అంకె రాసుకుని, తిరిగి వేసి, మళ్లీ ఒకటి తీయండి. రెండేసి అంకెల నమూనాలు తొమ్మిది వస్తాయి, అన్నింటి సంభావ్యత సమానం. (2,2), (4,4), (6,6)లకు విస్తృతి సున్న. (2,4), (4,2), (4,6), (6,4)లలో ఒక్కొక్కదానికి వర్గాల మొత్తం 2. (2,6), (6,2)లకు 8. ఎన్‌తో, అంటే 2తో భాగిస్తే విస్తృతులు మూడు సున్నలు, నాలుగు ఒకట్లు, రెండు నాలుగులు అవుతాయి. వాటి మొత్తం 12, సగటు 12/9, అంటే 4/3. ఇది అసలు విస్తృతిలో సరిగ్గా సగం. ఎన్–1తో, అంటే 1తో భాగిస్తే మొత్తం 24, సగటు 24/9, అంటే 8/3. అసలు విస్తృతి కూడా అంతే. ఉజ్జాయింపు కాదు, సరిసమానం. ఇది ఒకసారి మీ చేతితోనే వేసి చూడండి; పది పేజీల నోట్సు కంటే బాగా గుర్తుంటుంది.

దీని వెనుక ఉన్న బీజగణితం కూడా చిన్నదే. అసలు సగటు నుంచి కొలిచిన వర్గాల మొత్తం ఎప్పుడూ రెండు భాగాల కూడిక: నమూనా సగటు నుంచి కొలిచిన వర్గాల మొత్తం ఒకటి, రెండు సగటుల మధ్య దూరం వర్గానికి ఎన్ రెట్లు మరొకటి. పై డబ్బాలో (2,4) నమూనాకు అసలు సగటు 4 నుంచి వర్గాల మొత్తం 4, నమూనా సగటు 3 నుంచి 2, మిగిలిన భాగం 2 × 1 = 2. సాధ్యమైన నమూనాలన్నిటి మీద సగటు తీస్తే ఎడమవైపు ఎన్ రెట్ల విస్తృతి వస్తుంది. నమూనా సగటుకు ఉండే విస్తృతి అసలు విస్తృతిలో ఎన్‌వ వంతు కనుక, చివరి భాగం సగటున సరిగ్గా ఒక విస్తృతి అవుతుంది. దాన్ని తీసివేస్తే మన చేతికి వచ్చే మొత్తంలో మిగిలేది ఎన్–1 విస్తృతులే. అందుకే ఎన్–1తో భాగిస్తాం. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ పేరు మీద దీన్ని బెసెల్ సవరణ అంటారు.

మీ నోట్సులోని వాక్యం కూడా ఇదే సంగతిని మరో వైపు నుంచి చెబుతోంది. నమూనా సగటు నుంచి తీసిన విచలనాల మొత్తం ఎప్పుడూ సున్న. మొదటి నాలుగూ –4, –2, 0, 2 అని తెలిస్తే ఐదోది 4 తప్ప మరొకటి కాలేదు. అంటే ఐదు విచలనాల్లో స్వేచ్ఛగా మారగలిగినవి నాలుగే. అయితే ఆ ఒక్క వాక్యంతో భాజకం ఎందుకు మారాలో తేలదని నా అభిప్రాయం; పై లెక్క చూశాకే దానికి అర్థం వస్తుంది.

మరొక సమాధానం (డేటా విశ్లేషణ ఉద్యోగి)

మాస్టారు కారణం చెప్పారు కాబట్టి, నేను పరికరాల సంగతి మాత్రం చేరుస్తాను. ఎక్సెల్‌లో ఎస్‌టిడెవ్, ఎస్‌టిడెవ్.ఎస్ రెండూ ఎన్–1తో భాగిస్తాయి, ఎస్‌టిడెవ్‌పి, ఎస్‌టిడెవ్.పి ఎన్‌తో భాగిస్తాయి. కాలిక్యులేటర్‌లో సాధారణంగా సిగ్మా గుర్తున్నది ఎన్‌ది, ఎస్ అక్షరమున్నది ఎన్–1ది. పాత మోడళ్లలో రెండింటికీ సిగ్మాయే ఉండి, పక్కన చిన్నగా ఎన్ అనో ఎన్–1 అనో రాసి ఉంటుంది. ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోని ఎస్‌డి ఎన్–1నే వాడుతుంది. పైథాన్‌తో పనిచేసేవారు మాత్రం జాగ్రత్త వహించాలి. దాని లైబ్రరీల్లో ఒకటైన నమ్‌పైలో ఎస్‌టిడి అడిగితే మామూలుగా ఎన్‌తో భాగిస్తుంది, మరో లైబ్రరీ పాండాస్‌లో అదే పేరున్న ఫంక్షన్ ఎన్–1తో భాగిస్తుంది. ఒకే పట్టికను రెండింటిలో వేసి, జవాబులు కలవక తలపట్టుకునేవారు కొత్తగా చేరినవారిలో తరచుగా కనిపిస్తారు. నమ్‌పైలో డిడిఒఎఫ్ (ఎన్ నుంచి ఎంత తగ్గించి భాగించాలో చెప్పే) విలువను 1గా ఇస్తే రెండూ కలుస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మొదటిసారి వాడుతున్నప్పుడు మీ 14, 16, 18, 20, 22నే వేసి చూడండి. 2.83 వస్తే ఎన్, 3.16 వస్తే ఎన్–1.

తిరిగి విద్యార్థిని

మాస్టారికీ, మీకూ కృతజ్ఞతలు. చీటీల లెక్క నేనే వేసి చూశాను, సరిపోయింది. రెండు సందేహాలు మిగిలాయి. ఎన్–1తో భాగించాక వర్గమూలం తీస్తే ప్రామాణిక విచలనం కూడా సగటున సరిగ్గా వస్తుందా? చీటీ తిరిగి వేయకుండా రెండోది తీస్తే ఏమవుతుంది? నారుమడి నుంచి పీకిన మొక్కను ఎవరూ తిరిగి నాటరు కదా!

సమాధానం (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు)

మొదటి సందేహానికి జవాబు రాదనే. ఎన్–1 సరిచేసేది విస్తృతిని మాత్రమే. అదే డబ్బాలో వర్గమూలాలు తీస్తే మూడు సున్నలు, నాలుగు 1.414లు, రెండు 2.828లు వస్తాయి, వాటి సగటు సుమారు 1.26. అసలు ప్రామాణిక విచలనం 8/3 వర్గమూలం, అంటే సుమారు 1.63. వర్గమూలం పెద్ద విలువలను ఎక్కువగా కుదిస్తుంది కాబట్టి సగటు దిగువకే వస్తుంది. ఈ లోటు నమూనా పెరిగే కొద్దీ త్వరగా తగ్గిపోతుంది కనుక, సాధారణ పనుల్లో దాన్ని పట్టించుకోకుండా 3.16నే వాడతారు.

రెండో ప్రశ్న మంచి ప్రశ్న. తిరిగి వేయకపోతే (2,4), (2,6), (4,6) అన్న మూడే నమూనాలు ఉంటాయి. ఎన్–1తో భాగించిన విస్తృతులు 2, 8, 2; వాటి సగటు 4. ఇది 8/3 కంటే ఎక్కువ. రెండోసారి తీసేటప్పుడు మొదటి చీటీ మళ్లీ రాదు కాబట్టి ఆ రెండు అంకెలు పరస్పరం స్వతంత్రం కావు, స్వతంత్రతను ఆధారం చేసుకున్న పై బీజగణితం అక్కడ యథాతథంగా చెల్లదు. గమనిస్తే, సమష్టి వర్గాల మొత్తం 8ని 3తో కాక 2తో భాగించినా 4 వస్తుంది. పరిమిత సమష్టి నుంచి తిరిగి వేయకుండా నమూనా తీసినప్పుడు ఎన్–1 లెక్క సగటున ఇచ్చేది సమష్టికి కూడా ఒకటి తగ్గించి భాగించిన విస్తృతినే. మూడు చీటీలలో ఈ తేడా పెద్దది. మడిలో వెయ్యి మొక్కలు ఉంటే వెయ్యితో భాగించడానికీ 999తో భాగించడానికీ మధ్య తేడా వెయ్యింట ఒక వంతు, కాబట్టి మీ రికార్డుకు దాని గొడవ లేదు.

భాజకం విషయంలో మాత్రం అంత నిర్లక్ష్యం పనికిరాదు. ఐదు మొక్కలకు ఎన్, ఎన్–1 జవాబుల మధ్య తేడా సుమారు 12 శాతం; నూరు మొక్కలకు అది అర శాతమే. చిన్న నమూనాల చిక్కును గట్టిగా పట్టుకున్న గాసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు సంస్థ ఉద్యోగి, బార్లీ పంట పరీక్షల్లో ఆయన చేతికి వచ్చేవి కొద్దిపాటి అంకెలే. "స్టూడెంట్" అన్న మారుపేరుతో 1908లో ఆయన ప్రచురించిన వ్యాసంలో కూడా విస్తృతికి ఎన్‌తోనే భాగించారు. మీరు వచ్చే సెమిస్టర్లలో చూడబోయే టి–పరీక్షను (చిన్న నమూనాల సగటులను పరీక్షించే పద్ధతిని) ఎన్–1 రూపంలో స్థిరపరచినది ఆ తరువాత సంఖ్యాశాస్త్రవేత్త ఫిషర్. అప్పుడు పట్టికలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4 వరుస చూడమంటే, అది ఈ లెక్కలోని 4 అని గుర్తించండి. ఒకవేళ ప్రశ్నలోనే సమష్టి సగటు ఇచ్చి, దాని నుంచే విచలనాలు తీయమంటే, అక్కడ నమూనా సగటు అవసరమే ఉండదు కాబట్టి నమూనా అయినా సరే 5తోనే భాగించాలి.