నెలవారీ ప్రమాదాల లెక్కను ఎలా చదవాలి? హైదరాబాద్ రోడ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

మూసీతీరం
నెల మొదటి వారంలో పోయిన నెల ప్రమాదాల అంకె పేపర్లో వస్తుంది. తగ్గితే తనిఖీలు ఫలించాయంటారు, పెరిగితే వానల మీదకు నెడతారు. వచ్చే నెలకు అంతా తారుమారు. మా వైపు కాలనీ సంఘాలు కలిసి మెయిన్ రోడ్డు మీద రెండు కిలోమీటర్ల మేర సొంతంగా ఒక పట్టిక నడపాలనుకుంటున్నాయి. ఏమేం రాయాలి, ఎన్నాళ్లు రాస్తే అర్థం తేలుతుంది, తేలాక ఎవరిని ఏం అడగాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

అంకెలసంచి
ముందుగా ఒకటి. నెలను నెలతో పోల్చడం మానేయండి. ఫిబ్రవరికి 28 రోజులు, మార్చికి 31. రోడ్డు మీద ఏ మార్పూ లేకపోయినా మార్చి అంకె దాదాపు 11 శాతం ఎక్కువ రావాలి. అందుకే నెల మొత్తాన్ని రోజులతో భాగించి రోజువారీ సగటు రాయండి. ఆ నెలలో శనివారాలు నాలుగా, ఐదా అన్నది కూడా పక్కన వేసుకోండి. శనివారం రాత్రి తీరు వేరు.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక నగరంలో నెలకు సగటున 25 మంది చనిపోతున్నారనుకుందాం. ఇలాంటి లెక్కల్లో ఊరికే వచ్చే ఊగు సుమారుగా సగటుకు వర్గమూలం కట్టి, దాన్ని రెట్టింపు చేసినంత దాకా ఉంటుంది. 25కి వర్గమూలం 5, దానికి రెట్టింపు 10. అంటే పరిస్థితి ఏమాత్రం మారకపోయినా ఒక నెల 15, ఇంకో నెల 35 రావచ్చు. 30 నుంచి 22కి పడితే అది గెలుపు కాదు, మామూలు ఊగిసలాట. ఒక్క పోలీస్ స్టేషన్ పరిధిలో నెలకు సగటు 2 అయితే సున్నా వచ్చినా, 5 వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఏడాది మొత్తం 300 ఉన్నచోట కూడా రెండేళ్ల మధ్య తేడా సుమారు 50 దాటితేనే ఏదో మారిందని గట్టిగా అనగలం.

కాబట్టి ప్రతి నెలా గడిచిన 12 నెలల మొత్తం వేసి గీత గీయండి. కొత్త నెల చేరినప్పుడు పాత నెల రాలిపోతుంది. ఏడాదిలోని పండగలు, వానలు అన్నీ సరిగ్గా ఒక్కసారే లెక్కలోకి వస్తాయి గనుక ఆ గీత ఎటు వంగుతోందో నమ్మొచ్చు.

రికార్డుగది
పైన చెప్పింది సరే. అసలు ఆ అంకె ఎక్కడ పుడుతుందో కూడా తెలియాలి. ప్రమాదం జరిగినంత మాత్రాన అంకె పుట్టదు, కేసు కడితే పుడుతుంది. ఇద్దరు రాజీపడి వెళ్లిపోయినవి, బైక్ స్కిడ్ అయి చెయ్యి విరిగి సొంతంగా ప్రైవేటు ఆసుపత్రికి పోయినవి చాలావరకు రికార్డుకు ఎక్కవు. అందుకే చిన్న గాయాల అంకెను బట్టి పోకడ చెప్పకండి. మరణాలు, తీవ్ర గాయాలు మాత్రమే కాస్త నికరంగా నిలుస్తాయి.

మరణాల్లోనూ మెలిక ఉంది. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోతే అది రోడ్డు ప్రమాద మరణమే. మొదట గాయాల కింద భారతీయ న్యాయ సంహిత 125 సెక్షన్‌తో కేసు కడతారు. మనిషి ఇరవయ్యో రోజున ఉస్మానియాలోనో నిమ్స్‌లోనో పోతే, ఆసుపత్రి నుంచి సమాచారం వచ్చాక కోర్టుకు మెమో పెట్టి నిర్లక్ష్యం వల్ల మరణానికి వర్తించే 106(1)కి మారుస్తారు. 2024 జులై 1కి ముందు ఇదే ఐపీసీ 304ఏ. ఈ మార్పు జరిగేలోపు నెలవారీ లెక్క పైకి వెళ్లిపోయి ఉంటుంది.

ఎవరి తప్పూ లేకుండా ఒక్కడే పడి చనిపోయిన కేసు కొన్నిసార్లు అనుమానాస్పద మరణాల సెక్షన్ కింద, అంటే ఇప్పటి బీఎన్ఎస్ఎస్ (నేర విచారణ పద్ధతుల కొత్త చట్టం) 194, పాత సీఆర్పీసీ 174 కింద నమోదవుతుంది. సెక్షన్ 106 కింది కేసులు మాత్రమే లెక్కపెట్టే పట్టికలో అది కనపడదు. డివైడర్‌కు గుద్దుకున్న బైకులు, గుంతలో పడినవి ఎక్కువగా ఇలా జారిపోతాయి. సమాచార హక్కు కింద అడిగేటప్పుడు రెండు సెక్షన్లూ రాసి అడగండి.

చైతన్యపురి_బస్టాప్
అంటే జూన్ లెక్క జులై మొదట్లో చూస్తే పచ్చిగా ఉన్నట్టేనా?

రికార్డుగది
అవును. జూన్ 30న గాయపడిన మనిషికి 30 రోజులు నిండేది జులై 30న. మెమో రావడానికి ఇంకో వారం పది రోజులు వేసుకోండి. జూన్ అంకెను ఆగస్టు మధ్యలో మళ్లీ తీసుకుని పాతది కొట్టేసి రాయండి. మే అంకె పండినది, జూన్ అంకె పచ్చిది అయినప్పుడు ఆ రెంటినీ పోలిస్తే ఉన్నదానికంటే తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇంకో మాట, పరిధులు మారుతుంటాయి. 2016లో సైబరాబాద్‌ను విడదీసి రాచకొండ కమిషనరేట్ పెట్టారు. 2015 సైబరాబాద్ అంకె పక్కన 2017 సైబరాబాద్ అంకె పెట్టి సగానికి తగ్గాయనే పోస్టులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. పేరు ఒకటే, నేల వేరు. మీ పట్టిక స్టేషన్ పేరుతో కాకుండా రోడ్డు ముక్క పేరుతో ఉండాలి.

రోడ్డుపని
చోటు సంగతి నేను అందుకుంటాను. జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్‌కు, అంటే ప్రమాదాలు పదేపదే జరిగే చోటుకు, కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ పెట్టిన కొలత: సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో, మరణం లేదా తీవ్ర గాయాలున్న ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. కాలనీ రోడ్డుకు ఇదే కొలత పెడితే ఎప్పటికీ ఏ చోటూ తేలదు. మీ రెండు కిలోమీటర్లను 100 మీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు అంకె ఇవ్వండి.

చోటు రాసేటప్పుడు "ఫలానా హోటల్ ఎదురుగా" అని రాయొద్దు. హోటల్ మారిపోతుంది. మెట్రో లైన్ కిందైతే పిల్లర్ నంబర్ రాయండి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కిందైనా అంతే. అత్తాపూర్ వైపు జనం అడ్రసులు కూడా అలాగే చెప్పుకుంటారు. పిల్లర్లు లేనిచోట కరెంటు స్తంభం నంబర్, వెళ్లే దిశ. పోలీసులు ప్రమాద వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఐరాడ్ యాప్‌లో ఫోన్ జీపీఎస్‌తో పిన్ పడుతుంది. ఆ ఎంట్రీ ప్రమాద స్థలంలో కాకుండా స్టేషన్‌కు వచ్చాక చేస్తే పిన్ స్టేషన్ దగ్గర పడే ప్రమాదం ఉంది. స్టేషన్ గేటు ముందే గుంపుగా పిన్నులు కనిపిస్తే అనుమానించండి.

తర్వాత ఒక్కో ముక్కకు ఒక కాగితం మీద బొమ్మ గీయండి. ఏ వాహనం ఎటు నుంచి ఎటు, ఎక్కడ తగిలింది అన్నది బాణం గుర్తులతో. పది బాణాలు పడేసరికి రోడ్డే మాట్లాడుతుంది. వెనక నుంచి గుద్దినవి ఎక్కువుంటే సిగ్నల్ దగ్గర లేదా అకస్మాత్తుగా వచ్చే బంప్ దగ్గర చూడాలి. ఎదురెదురుగా గుద్దుకున్నవి ఉంటే రాంగ్ రూట్. అప్పుడు మనుషుల్ని తిట్టేముందు యూటర్న్ ఎంత దూరంలో ఉందో కొలవండి. అవతలి గల్లీకి పోవడానికి కిలోమీటరున్నర తిరగాల్సి వస్తే రాంగ్ రూట్ రోజూ ఉంటుంది, ఎన్ని చలాన్లు రాసినా. నడిచేవాళ్లకు తగిలిన బాణాలు ఒకేచోట ఉంటే అక్కడ బస్టాప్ ఒకవైపు, డివైడర్‌లో సందు ఇంకోవైపు ఉంటాయి. దిగినవాళ్లు దగ్గరి దారి చూసుకుంటారు. బస్టాప్‌ను క్రాసింగ్ దాటాక, అంటే బస్సు వెనక నుంచి మనుషులు దాటేలా జరిపితే సగం సమస్య పోతుంది.

మూసీతీరం
మా దగ్గర అందరూ అడిగేది స్పీడ్ బ్రేకర్. రాత్రికి రాత్రి సిమెంటుతో వేసేసినవి మూడు ఉన్నాయి.

రోడ్డుపని
ఆ మూడూ పగలగొట్టించండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం మామూలు హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్లలో వెళ్లే బండి దానిమీద ఒక అలలా ఎక్కి దిగుతుంది. గల్లీల్లో వేసేది రెండడుగుల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు. దానిమీద బైక్ ముందు చక్రం లేచి పడేలోపే వెనక చక్రం తగులుతుంది. వెనక ఒకవైపు కూర్చున్న మనిషి సీటు మీద నుంచి లేచిపోతుంది, పట్టుకోడానికి చేతికి ఏమీ ఉండదు, పడేది తల వెనక్కి. కారు వాడు ఆఖరి క్షణంలో చూసి బ్రేక్ కొడితే వెనక ఆటో వచ్చి తగులుతుంది. రాత్రి రంగు లేని బంప్ తారులో కలిసిపోతుంది. కాలువ వైపు సందు వదలకుండా గోడ దాకా వేస్తే వాననీళ్లు నిలిచి పక్కన గుంత పడుతుంది, దాన్ని తప్పించుకోబోయి బైకులు మధ్యకు వస్తాయి. ఒక్క బంప్ నాలుగు రకాల ప్రమాదాలు తెస్తుంది.

సరిగా వేసిన హంప్‌కు 40 మీటర్ల ముందు బోర్డు, మీద నలుపు తెలుపు పట్టీలు, వీధి దీపం ఉండాలి. ప్రధాన రోడ్డు మీద హంప్ కాదు, రంబుల్ స్ట్రిప్‌లు (చక్రం కింద గరగరలాడే సన్నని పట్టీలు), లైన్ల మార్కింగ్ అడగండి. గల్లీ వచ్చి మెయిన్ రోడ్డులో కలిసేచోట గల్లీ వైపు హంప్ వేయాలి. చాలామంది తిరగేసి అడుగుతారు.

వంపు ఉన్నచోట వేగం ఎంత ముఖ్యమో గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ చూపించింది. 2019 నవంబరులో తెరిచిన నెలలోనే, 23వ తేదీన కారు అదుపు తప్పి కింద పడి, కింద రోడ్డు పక్కన ఉన్న మహిళ చనిపోయారు. మూసేసి, 2020 జనవరిలో 40 కిలోమీటర్ల పరిమితితో మళ్లీ తెరిచారు.

బ్రేకుదూరం
వేగం మాట వచ్చింది గనుక చిన్న లెక్క. గంటకు 60 అంటే సెకనుకు 16.7 మీటర్లు. కన్ను చూసి కాలు బ్రేక్ మీద పడటానికి ఒకటిన్నర సెకను, అంటే 25 మీటర్లు. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 28. మొత్తం 53 మీటర్లు. తడి రోడ్డు మీద అదే 65 అవుతుంది. 40లో వెళ్తే పొడి మీద 29, తడి మీద 34. అంటే 40 వాడు పూర్తిగా ఆగిపోయిన చోట 60 వాడు ఇంకా బ్రేకే సరిగా పట్టలేదు.

ఇదే లెక్క సిగ్నల్‌కు పెట్టండి. పసుపు లైటు 3 సెకన్లు ఉంటే 60లో వెళ్లేవాడు ఆ సమయంలో 50 మీటర్లే పోగలడు. ఆగడానికి 53 కావాలి. గీతకు 51, 52 మీటర్ల దూరంలో ఉన్నవాడు ఆగలేడు, దాటలేడు. వెనక నుంచి గుద్దేవి, అడ్డంగా తగిలేవి రెండూ అక్కడే పుడతాయి. పసుపు సమయం ఆ రోడ్డు మీద నిజంగా నడిచే వేగానికి తగ్గట్టు ఉందా లేదా అన్నది స్టాప్‌వాచ్‌తో మీరే చూడొచ్చు.

తొలకరి
నెలల తీరు మీద ఎవరూ రాయలేదు. మృగశిర కార్తె ముందువెనకల పడే మొదటి జల్లు చూడండి. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, టైరు పొడి, దుమ్ము ఆ నీటితో కలిసి జారుడు పొర అవుతుంది. మొదటి అరగంట అతి ప్రమాదకరం. జోరువాన గంటసేపు పడ్డాక ఆ పొర కొట్టుకుపోయి పట్టు కొంత పెరుగుతుంది, కానీ అప్పుడు నీళ్ల కింద గుంత, మ్యాన్‌హోల్ కనపడవు. కాబట్టి పట్టికలో "వాన" అని రాస్తే చాలదు. మొదలైందా, నిలిచిందా, ఆగాక తడా అని రాయండి.

సంక్రాంతికి నగరం ఖాళీ అవుతుంది. భారం విజయవాడ హైవే మీదకు పోతుంది. లోపలి రోడ్లు ఖాళీగా ఉండి వేగం పెరుగుతుంది. రద్దీలో గుద్దుకునేవి ఎక్కువ, చావులు తక్కువ. ఖాళీ రోడ్డు మీద ఇది తలకిందులవుతుంది. దేశం మొత్తం లెక్కలో కూడా అదే కనిపించింది. 2019లో 4,49,002 ప్రమాదాల్లో 1,51,113 మంది చనిపోతే, లాక్‌డౌన్ పడిన 2020లో 3,66,138 ప్రమాదాల్లో 1,31,714 మంది. నూరు ప్రమాదాలకు మరణాలు 34 నుంచి 36కి పెరిగాయి. ప్రమాదాలు తగ్గాయన్న వార్త వచ్చినప్పుడు ఈ నిష్పత్తి కూడా వేసి చూడండి.

చైతన్యపురి_బస్టాప్
ఇన్ని లెక్కలు ఎందుకండీ, హెల్మెట్ చలాన్లు గట్టిగా రాస్తే చాలదా? ఈ నెల ఎన్ని రాశారో ఆ అంకె పెంచితే సరి.

అంకెలసంచి
చలాన్ల అంకె పోలీసులు ఎంత పని చేశారో చెబుతుంది, తలలు ఎన్ని కాపాడబడ్డాయో చెప్పదు. కొలవాల్సింది ఇది: ఒకే చోట, ఒకే వారం, ఒకే సమయం, ఉదాహరణకు మంగళవారం సాయంత్రం 6 నుంచి, 400 బైకులు లెక్కపెట్టండి. నడిపేవాళ్లలో హెల్మెట్ ఉన్నవాళ్లు, స్ట్రాప్ బిగించినవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లలో ఉన్నవాళ్లు. 400 చూస్తే నడిపేవాళ్ల శాతం అటూ ఇటూ 5 లోపు తేడాతో తేలుతుంది. పోలీసులు కనపడే చోట లెక్కపెట్టకండి, అక్కడ అందరికీ హెల్మెట్ ఉంటుంది. వంద మీటర్ల అవతల నిలబడండి. చావుల అంకెలో మార్పు తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈ శాతంలో మార్పు రెండు నెలల్లో కనిపిస్తుంది.

ట్రామావార్డు
స్ట్రాప్ కాలమ్ పెట్టినందుకు సంతోషం. బిగించని హెల్మెట్ తల నేలకు తగిలేలోపే ఎగిరిపోతుంది. గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు చాలు. బిగించాక వెనక నుంచి ముందుకు తోసి చూడండి, ఊడివస్తే ఆ సైజు మీది కాదు. ఐఎస్ 4151 ముద్ర లేనిది కొనొద్దు. ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా లోపలి థర్మకోల్ నలిగిపోయి ఉంటుంది, మార్చాల్సిందే.

పడిన మనిషి దగ్గర జరిగే తప్పులు కూడా రాస్తాను. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, మెడ ఎముక విరిగి ఉండొచ్చు. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూడకండి, తడిస్తే పైన ఇంకో గుడ్డ వేయండి. 108కి చోటు చెప్పేటప్పుడు పైన చెప్పిన పిల్లర్ నంబరే పనికొస్తుంది, వెళ్లే దిశ కూడా చెప్పండి, లేకపోతే అంబులెన్స్ డివైడర్‌కు అవతలి వైపు వస్తుంది. సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఏ రక్షణ ఉంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి గుర్తించిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేని చికిత్స పథకం అమల్లో ఉంది. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు పరిహారం వస్తుంది. చాలా కుటుంబాలకు ఇది తెలియక వదిలేస్తున్నాయి, దయచేసి మీ సంఘం బోర్డు మీద రాయించండి.

లారీలైను
రాత్రి లెక్కలో ఒక కాలమ్ చేర్చండి: ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దినవి. టిప్పర్లు, డీసీఎంలు రోడ్డు పక్కన లైటు లేకుండా ఆపితే బైక్ వాడికి కనపడదు. వెనక ఎర్ర, పక్కల పసుపు, ముందు తెల్ల రిఫ్లెక్టర్ టేపు ఉండాలి. మట్టి కప్పేస్తే అది ఉన్నా లేనట్టే, గుడ్డతో తుడిస్తే అరనిమిషం పని. ఇసుక, కంకర షాపుల ముందు ఎన్ని బండ్లు రాత్రి 10 తర్వాత ఆగుతున్నాయో లెక్కపెట్టి ఆ కాగితం ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి.

మూసీతీరం
అందరికీ ధన్యవాదాలు. కాలమ్‌లు ఇలా పెడుతున్నాం: తేదీ, వారం, గంట, ముక్క నంబర్, పిల్లర్ లేదా స్తంభం, దిశ, ఏది దేన్ని గుద్దింది, హెల్మెట్ స్ట్రాప్, వాన దశ, వెలుతురు, గాయం తీవ్రత, 30 రోజుల తర్వాత పరిస్థితి. మొదటి మూడు నెలలు ఎవరికీ ఏ శాతమూ చెప్పం.

రోడ్డుపని
వెలుతురు దగ్గర "దీపం ఉంది" అని రాసి వదలకండి, వెలుగుతోందా లేదా రాయండి. దానితోపాటు క్రాసింగ్‌లో పచ్చమనిషి లైటు ఎన్ని సెకన్లో కూడా. 24 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు నడకకు 20 సెకన్లు, పెద్దవాళ్లకు 30 పడుతుంది. 15 ఇస్తున్నారంటే మొదట అడగాల్సింది అదే, దానికి తవ్వకం అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు, కంట్రోలర్ పెట్టెలో అంకె మారిస్తే చాలు.